కొన్న ఊళ్లోనే ఆ రాత్రి ఉండాలి: బరంపురం నుంచి జయపురం దాకా పాత వీడియో గేమ్‌ల కోసం

పాత వీడియో గేమ్ సెట్లు వెతకడానికి ఒడిశా వైపు బయల్దేరేవాళ్లు ముందుగా అడిగేది ఏ బజారులో దొరుకుతాయని. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది బస సంగతి. ఇక్కడ దొరికే సరుకు ఇరవై, పాతికేళ్లు అటక మీద పడున్నది. పనిచేస్తుందో లేదో అమ్మేవాళ్లకే తెలియదు. పెట్టి చూపిద్దామన్నా చాలా షాపుల్లో టీవీ ఉండదు. సాయంత్రం కొని, రాత్రి గదిలో తగిలించి చూసి, పాడైందని తేలితే పొద్దున్నే అదే షాపుకి పట్టుకెళ్లగలిగితేనే ఆ బేరానికి అర్థం. కొన్న గంటకే రైలెక్కితే డబ్బు పోయినట్టే లెక్క వేసుకోవాలి. అందుకే బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురాలను ఇక్కడ ఆ ఒక్క కొలతతోనే చూస్తున్నాం.

ఈ ఊళ్లలో కన్సోల్ అంటే ఎవరికీ అర్థం కాదు. టీవీ గేమ్ అనాలి, క్యాసెట్ గేమ్ అనాలి. కంట్రోలర్‌ని రిమోట్ అనో జాయ్‌స్టిక్ అనో అడగాలి. బరంపురం బజారులో తెలుగుతో పని జరిగిపోతుంది, రాయగడలోనూ అంతే. ఒడియా షాపులో "పురుణా టీవీ గేమ్ అఛి కి?" అంటే చాలు, మిగతాది చేతులతో తేలిపోతుంది. మొబైల్ షాపుల్లో తిరిగి కాళ్లు నొప్పి పెట్టుకోవద్దు. పాత టీవీ మెకానిక్‌ల దగ్గరికి వెళ్లండి. రిపేరుకిచ్చి మళ్లీ రాని జనం వస్తువులు వాళ్ల బల్లల కింద ఉంటాయి. పాత సామాన్ల కొట్లు వాళ్ల తర్వాతే.

ఎక్కువగా కనిపించేవి ఫామికామ్‌కి డూప్లికేట్‌లు. నింటెండో 1983 జులైలో జపాన్‌లో విడుదల చేసిన మిషన్ అది. దాని నమూనాలో వచ్చినవి మన దేశంలో లిటిల్ మాస్టర్, విజ్ కిడ్ లాంటి పేర్లతో ఇళ్లకు చేరాయి. వీటి క్యాసెట్‌కి 60 పిన్నులు. అమెరికా, యూరప్ నింటెండో క్యాసెట్‌కి 72, అది ఈ సెట్‌లో దూరదు. తర్వాత కనిపించేది ప్లేస్టేషన్ 2. సెగా మెగా డ్రైవ్, గేమ్ బాయ్ ఎప్పుడో ఒకటి. "9999 ఇన్ 1" అని రాసున్న క్యాసెట్‌లో ఉండేవి కొద్దిపాటి గేములే, అవే లెవెల్ మార్చి మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ అంకె చూసి రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు. ఒక్క గేమే ఉన్న పాత క్యాసెట్ దొరికితే దానికి విలువ ఉంది.

గది తీసుకునేటప్పుడు

లాడ్జిలో అద్దె మాట్లాడక ముందే టీవీ చూపించమనండి. గోడకి బిగించిన ఎల్‌ఈడీ టీవీల్లో వెనక ఉన్న సాకెట్లు గోడకి అతుక్కుపోయి చెయ్యి పట్టదు. పక్కన పసుపు రంగు ఏవీ (బొమ్మ, శబ్దం వైర్లు గుచ్చే) సాకెట్ ఉందా, లేక 3.5 మిల్లీమీటర్ల ఒకే రంధ్రం ఉందా చూడాలి. ఒకే రంధ్రం ఉంటే నాలుగు కాంటాక్ట్‌ల పిన్ను నుంచి పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లుగా విడిపోయే కేబుల్ మీ దగ్గరే ఉండాలి, లాడ్జిలో దొరకదు. ఈ కేబుళ్లన్నిటిలో లోపలి వైర్ల వరస ఒకేలా ఉండదు. బొమ్మ రాకుండా స్పీకర్లో బర్రుమని మోత వస్తే సెట్ పాడైందనుకోకండి. పసుపు వైరు తీసి ఎర్ర సాకెట్లో పెట్టి చూడండి. చాలాసార్లు బొమ్మ అక్కడే ఉంటుంది.

రెండో చిక్కు టీవీ రిమోట్. గదిలో ఇచ్చేది సెట్‌టాప్ బాక్సు రిమోట్. సోర్స్ బటన్ ఉండే టీవీ రిమోట్ రిసెప్షన్లో ఉంటుంది, అడిగి తెచ్చుకోవాలి. కొన్ని లాడ్జీల్లో టీవీని హోటల్ మోడ్‌లో పెట్టి తాళం వేసేస్తారు. అప్పుడు ఏవీకి మారదు, చానల్ వెతకడమూ కుదరదు. ఏవీ లేకుండా యాంటెన్నా వైరు మీదే బొమ్మ పంపే పాత సెట్లకి ఆ గది పనికిరాదు, ఎందుకంటే వాటిని వీహెచ్‌ఎఫ్ 3 లేదా 4వ చానల్లో వెతికి పట్టాలి.

ఇన్ని తిప్పలు ఎందుకనుకుంటే కారు వెనక కెమెరాకి పెట్టే 7 అంగుళాల చిన్న తెర ఒకటి సంచిలో వేసుకోండి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్ మీద నడుస్తుంది, పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) అయినా ఎన్‌టీఎస్‌సీ (జపాన్ పద్ధతి) అయినా తనంతట తనే పట్టుకుంటుంది. టీవీలో నలుపు తెలుపుగా వచ్చే జపాన్ సెట్ దీని మీద రంగుల్లో వస్తే తప్పు సెట్‌ది కాదు, ఆ టీవీకి ఎన్‌టీఎస్‌సీ రంగు చదవడం రాదని అర్థం. ఇది ఉంటే గదిలో కావాల్సింది ఒక బల్ల, కరెంటున్న ప్లగ్ పాయింటు. ఇన్వర్టర్ ఉందన్నా దాని మీద నడిచేది సాధారణంగా లైటు, ఫ్యానే. ప్లగ్గుకి కూడా వస్తుందా అని విడిగా అడగాలి.

బరంపురం: రెండు రాత్రులు

ఇచ్ఛాపురం దాటాక పాతిక కిలోమీటర్లు. ఈ నాలుగింటిలో ఎక్కువ సమయం ఇవ్వాల్సిన ఊరు ఇదే. బస పాత బస్టాండ్, బడా బజార్ వైపు పెట్టుకుంటే పొద్దున్నే నడిచి షాపుకి తిరిగి వెళ్లొచ్చు. స్టేషన్ పక్కన ఉంటే రైలుకి సుఖం, బజారుకి ఆటో. గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లు. సముద్రం ఒడ్డున గదులున్నాయి, ఒడిశా టూరిజం వారి పాంథనివాస్ ఉంది. ఇంటివాళ్లతో వస్తే అక్కడ ఉండడం బాగుంటుంది గానీ మూత విప్పిన సెట్‌ని ఆ ఉప్పు గాలిలో రాత్రంతా ఉంచకూడదు, పైగా పొద్దున్న వాపసు ఇవ్వడానికి మళ్లీ అంత దూరం రావాలి. ఈ పనికి గోపాల్‌పూర్ వద్దు. రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి యాత్ర రోజుల్లో గదులు దొరకవు, తేదీలు చూసుకుని బయల్దేరండి. మధ్యాహ్నం చిన్న షాపులు మూసేస్తారు. వెతుకులాట పొద్దున, బేరం సాయంత్రం పెట్టుకోవాలి.

సెట్ చేతికి రాగానే కరెంటు పెట్టొద్దు. ముందు తిరగేసి స్క్రూలు చూడండి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. నీళ్లలో నానిన సెట్‌ని పైపైన తుడిచేసినా స్క్రూ గుంటల్లో ఎండిన ఒండ్రు, తల మీద తుప్పు అలాగే ఉంటాయి. అవి కనిపిస్తే ఎంత చవకైనా దించేయండి.

తర్వాత అడాప్టర్. ఈ డూప్లికేట్ సెట్లకి సాధారణంగా 9 వోల్టుల డీసీ. పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది సెట్‌కొక రకం, కింద బొమ్మ వేసి ఉంటుంది. అసలు ఫామికామ్‌కి 10 వోల్టులు, మధ్యలో మైనస్. మెగా డ్రైవ్ 2కి మధ్యలో ప్లస్. జపాన్ అడాప్టర్ 100 వోల్టులది, మన 230కి పెడితే క్షణంలో కాలిపోతుంది. పాత బరువైన అడాప్టర్ మీద 9 అని రాసున్నా ఊరికే మీటర్ పెడితే 12, 13 చూపిస్తుంది. అది లోపం కాదు, సెట్ తగిలిస్తే దిగుతుంది. సెట్ లోపల వోల్టేజీని 5కి దించే 7805 రెగ్యులేటర్ ఉంటుంది. దాని చివరి కాలు దగ్గర 5 వోల్టులు రావాలి. అక్కడ 4.6కి పడిపోయి తెర మీద అడ్డ చారలు నెమ్మదిగా పాకుతుంటే ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయింది. పాతదాని మీద ఉన్న మైక్రోఫారడ్‌లే ఉండాలి, వోల్టేజీ మాత్రం 16కి బదులు 25 వేసుకోవచ్చు. ఏ టీవీ మెకానిక్ అయినా పది నిమిషాల్లో మారుస్తాడు. ఈ ఒక్క లోపం ఉన్న సెట్‌ని ధైర్యంగా కొనండి.

క్యాసెట్ల దగ్గర మాత్రం ఈ తీరప్రాంతంలో కాస్త ఓపిక కావాలి. పిన్నుల అంచుని వెలుతురులో పెట్టి చూస్తే రాగి మీద ఆకుపచ్చగా చిలుము కనిపిస్తుంది. నోటితో ఊదితే పనిచేసిందని అందరూ చెబుతారు. పనిచేసింది ఊదినందుకు కాదు, తీసి మళ్లీ గుచ్చినప్పుడు పిన్నులు సరిగ్గా తగిలినందుకు. ఊపిరిలోని తడి చిలుమునే పెంచుతుంది. తెల్ల రబ్బరుతో పిన్నుల పొడవునా, ఒకే వైపుకి, మెల్లగా రుద్దండి. తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవండి. మెడికల్ షాపులో దొరికే 70 శాతం దానిలో మిగతాది నీళ్లు, కాబట్టి 99ని ఇంటి నుంచే తెచ్చుకోవాలి. మొదటి పుల్ల నల్లగా వస్తుంది, రెండోది బూడిద రంగు, మూడోది తెల్లగా వస్తే చాలు. రుద్దేటప్పుడు పిన్ను మెరుపు పోయి ఎర్రగా రాగి బయటపడితే అక్కడితో ఆపేయాలి, పై పూత అరిగిపోయింది. ఉప్పు కాగితంతో రుద్ది నిగనిగలాడించిన క్యాసెట్‌ని అసలు కొనొద్దు. ఆ రాగి ఒక్క వానాకాలానికే మళ్లీ పచ్చబడుతుంది.

తర్వాత ఇరవై నిమిషాలు ఆపకుండా ఆడండి. వేడెక్కాక ఆగిపోయేవి అప్పుడే బయటపడతాయి. గేమ్ రిమోట్ వైరుని పిడి దగ్గర అటూ ఇటూ వంచుతూ బటన్ నొక్కండి, తెగేది ఎక్కువగా అక్కడే. గేమ్ తుపాకీ కూడా ఇస్తే మురిసిపోకండి, అది ఎల్‌ఈడీ టీవీ మీద పనిచేయదు. నొక్కిన క్షణంలో తెర మీద గురి దగ్గర మెరిసే వెలుగుని పట్టుకునే పద్ధతి దానిది, పిక్చర్ ట్యూబ్ ఉన్న పాత డబ్బా టీవీ ఉంటేనే పేలుతుంది.

అన్ని పరీక్షలూ దాటిన డూప్లికేట్ సెట్, రెండు రిమోట్లు, రెండు మూడు క్యాసెట్లకి కలిపి 800 దాకా ఇవ్వొచ్చని మా లెక్క. అంతకుమించితే లేచి వచ్చేయడమే.

పర్లాకిమిడి: డబ్బా టీవీకి

విశాఖ నుంచి గుణుపురం వెళ్లే రైలు నౌపడా దగ్గర మలుపు తిరిగి ఈ ఊరి మీదుగా పోతుంది. 1900లో పర్లాకిమిడి రాజా వేయించిన చిన్న పట్టాల దారి ఇది, ఇప్పుడు బ్రాడ్ గేజ్. ఇక్కడికి గేమ్‌ల కోసం కాదు, డబ్బా టీవీ కోసం రావాలి. కొనేదే టీవీ, మెకానిక్ షాపులో కరెంటు ఉంటుంది కాబట్టి మీ సెట్ అక్కడే తగిలించి చూడొచ్చు. అందుకే కొన్న ఊళ్లోనే రాత్రి ఉండాలన్న నియమానికి ఈ ఊరు మినహాయింపు. రాత్రి ఉండక్కర్లేదు, పొద్దున వచ్చి సాయంత్రానికి పలాస చేరుకోవచ్చు.

టీవీని చల్లగా ఉన్నప్పుడే ఆన్ చేయించండి. మీరు వచ్చేసరికే నడుస్తుంటే కాసేపు కట్టేయించి ఆగండి. బొమ్మ వెలుగు పట్టడానికి నిమిషాలు తీసుకుంటే పిక్చర్ ట్యూబ్ ముసలిదైంది, దానికి మందు లేదు. మూలల్లో రంగు మరకలుంటే అయస్కాంతం ప్రభావం. డీగాస్ చేస్తే, అంటే ఆ అయస్కాంత ప్రభావం తీసేస్తే పోతుంది, బేరానికి పనికొస్తుంది. ఎల్‌ఓటీ (ట్యూబ్‌కి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) మార్చామంటే పాత ముక్క చూపించమనండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లాను ముంచింది కాబట్టి వెనక మూత తీయించి బురద గీత ఉందేమో చూడడం ఇక్కడ తప్పనిసరి. మీరు మాత్రం లోపల చెయ్యి పెట్టొద్దు. 21 అంగుళాల ట్యూబ్‌కి ఇరవై వేల వోల్టులు దాటి ఉంటుంది, ప్లగ్గు పీకినా కొంత నిలిచే ఉంటుంది.

రైలు పార్సిల్‌లో టీవీ వేయొద్దు. ఎంత గట్టిగా కట్టినా ఎత్తి దించే చోట ట్యూబ్ మెడ విరుగుతుంది. కారులో వెనక సీటు మీద దుప్పటి పరిచి, తెర సీటు వీపుకి ఆనేలా పెట్టి బెల్టు కట్టండి. బరువంతా ముందు అద్దంలోనే ఉంటుంది. కారు లేకపోతే టీవీ ఆలోచన మానేయండి.

రాయగడ

బరంపురంలో రాత్రి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున రాయగడలో దింపుతుంది. పక్కనే జేకేపూర్ కాగితం మిల్లు, క్వార్టర్లు ఉన్నాయి. దొరికితే అక్కడి ఇళ్లలో దొరకాలి గానీ బజారు మీద ఆశ పెట్టుకోవద్దు. పూట చాలు. అదే రైలులో నిద్ర చెడకుండా కోరాపుట్ దాకా వెళ్లిపోయినా నష్టం లేదు.

సునాబేడ, జయపురం: ప్లేస్టేషన్ 2కి

కోరాపుట్ పక్కన సునాబేడలో విమాన ఇంజన్లు చేసే హెచ్ఏఎల్, దమన్‌జోడిలో అల్యూమినియం కంపెనీ నాల్కో. ఉద్యోగులు బదిలీ అయ్యేటప్పుడు సామాను వదిలించుకునే ఊళ్లివి, ఇంటివాళ్ల దగ్గర నేరుగా కొనే వీలుంటుంది. వాడినవాళ్లే అమ్ముతారు కాబట్టి మెమొరీ కార్డు, అసలు డిస్కులు, అడాప్టర్ కలిసి వస్తాయి. బస అదే జిల్లాలోని జయపురంలో పెట్టుకుంటే గదులకి ఎంచుకునే వీలు ఎక్కువ. కోరాపుట్ చల్లగా ఉంటుంది, తీరంతో పోలిస్తే చిలుము తక్కువ. వానాకాలంలో మాత్రం ఉరుములతో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, ఆడకపోతే ప్లగ్గు పీకి ఉంచాలి.

ప్లేస్టేషన్ 2ని ఒక్క డిస్కుతో పరీక్షించి తీసుకోవడం తప్పు. మూడు కావాలి: మామూలు డీవీడీ గేమ్, అడుగు నీలంగా ఉండే సీడీ గేమ్, రెండు పొరల డీవీడీ గేమ్. సీడీకి, డీవీడీకి లేజర్ కిరణం వేరు, ఒకటి చచ్చిపోయి ఒకటి బతికుండడం మామూలే. రెండు పొరలది తడబడితే లెన్స్ అలిసిపోయింది. డిస్కు తీశాక దాని అడుగు చూడండి. కొత్తగా గుండ్రటి గీత పడితే సన్న మోడల్‌లో లెన్స్ రిబ్బన్ పైకి లేచి డిస్కుకి తగులుతోంది. మెమొరీ కార్డులో సేవ్ చేసి, కట్టేసి, మళ్లీ ఆన్ చేసి ఆ సేవ్ తెరవండి. సన్న మోడళ్లలో 7తో మొదలయ్యే ఐదంకెల నంబర్లకి బయట 8.5 వోల్టుల అడాప్టర్ ఉంటుంది, 9తో మొదలయ్యేవాటికి లోపలే ఉంటుంది. అడాప్టర్ పోయిందని లాప్‌టాప్ చార్జర్ కట్టి ఇస్తే వద్దనండి, దానిది 19 వోల్టులు.

లెన్స్ ఉన్న ఏ సెట్ అయినా కోరాపుట్ చలిలోంచి విశాఖ ఉక్కకి దించితే అద్దం మీద మంచు పట్టినట్టు తడి పడుతుంది. బయల్దేరేటప్పుడే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి; ఇంటికొచ్చాక ఆ మూతి విప్పకుండా మూడు గంటలు గదిలో ఉంచి, సెట్ గది వేడికి వచ్చాక తీసి ప్లగ్గు పెట్టండి.