వేరుశనగకు డీఏపీ, సూపర్, జిప్సం, గొర్రెల మంద: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మాది అనంతపురం జిల్లా. ఇసుక కలిసిన ఎర్ర నేల, వానాధారం శనక్కాయ, విత్తనం ఎక్కువగా కదిరి-6. మా దిక్కున ఎరువు పనిచేసిందా లేదా అనేది చేను పచ్చదనం చూసి తేల్చేస్తారు. నేను మాత్రం పార వేసి మొక్కను మట్టితో సహా లేపి చూస్తాను. చేత్తో పీకితే వేరు బుడిపెలు తెగి నేలలోనే ఉండిపోతాయి. బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనపడాలి. అప్పుడే అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టు లెక్క.

డీఏపీలో (డై అమ్మోనియం ఫాస్ఫేట్) నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం. మోత తక్కువ, చేతికి గుళికలుగా ఉంటుంది, మొలక చకచకా లేస్తుంది. అందులో లేనివే నాకు ఇబ్బంది. గంధకం లేదు, కాల్షియం లేదు. ఒకటి గింజలో నూనెకు కావాలి, రెండోది గింజ నిండడానికి. పైగా విత్తనాన్ని ఆనుకుని పడితే దాన్నుంచి వచ్చే అమ్మోనియాకు లేత వేరు మాడుతుంది. ఇది చాలదన్నట్టు పైన యూరియా చల్లేవాళ్లున్నారు. నేలలో నత్రజని ఊరికే దొరుకుతుంటే శనక్కాయ బుడిపెలు కట్టే శ్రమ ఎందుకు పడుతుంది? తీగ ఏపుగా పెరుగుతుంది, కింద చూస్తే కాయలు పలచన.

సూపర్‌లో, అంటే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో, భాస్వరం 16 శాతమే. దాంతోపాటు 11 శాతం గంధకం, మంచి మోతాదులో కాల్షియం వస్తాయి. వానాధారానికి ఎకరాకు సూపర్ 100 కిలోలు, యూరియా 18, పొటాష్ 33 అని శాస్త్రవేత్తలు చెప్పే లెక్క మా నేలకు సరిగ్గా కుదిరింది. బస్తాలు మోయలేక నడుము పడిపోతుంది, చెమ్మ తగిలితే గడ్డ కడుతుంది. అయినా నా ఓటు దీనికే.

సూపర్ వేశాం కదా, కాల్షియం, గంధకం ఇచ్చే జిప్సం దండగ అనుకునేవాళ్లు ఇది వినాలి. వేరు తాగిన కాల్షియం నీటితోపాటు ఆకులకు ఎక్కుతుంది, అక్కడి నుంచి కిందికి దిగి రాదు. మట్టిలో ఉన్న కాయ తనకు కావలసింది తన చుట్టూ ఉన్న మట్టిలోంచే పీల్చుకోవాలి. అందుకే పూత తర్వాత కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు, అంటే రెండో కలుపుతో, జిప్సం ఎకరాకు 200 కిలోలు మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. ఊడలు దిగాక మళ్లీ గుంటక తోలకూడదు. జిప్సం పడిన సాళ్లలో తాలు కాయలు తగ్గడం నాకు ఏటా కనిపిస్తూనే ఉంది. నేలలో పదును (తేమ) లేకుండా చల్లితే మాత్రం పైపైనే ఉండిపోతుంది.

ఇక గొర్రెల మంద. ఎండాకాలంలో చేలో రాత్రిళ్లు మంద పెట్టించడం పాత పద్ధతే, ఇప్పుడు ఖర్చూ పెరిగింది. దిబ్బలో ఇంకిపోయే మూత్రం ఇక్కడ నేరుగా నేలకు చేరుతుంది. నత్రజని, పొటాష్ ఎక్కువగా ఉండేది అందులోనే. తెల్లారి దున్నేయాలి, ఎండకు వదిలేస్తే సగం సారం గాలికే. కలుపు గింజలు కూడా మందతోపాటే వస్తాయి, ఆ కూలి లెక్కలో వేసుకోండి.

దిబ్బ ఎరువు ఎకరాకు నాలుగు టన్నులు తోలిన మడిలో మట్టి గుల్లబారి, వాన తర్వాత పైన పెచ్చు కట్టడం తగ్గింది. పిల్లవేర్లు పక్కలకు బాగా పాకాయి, బెట్టకు వాడడం కూడా ఆలస్యమైంది. బస్తా ఎరువు ఏదీ ఈ పని చేయలేదు. కానీ మాగిందే తోలాలి. చెయ్యి పెడితే వేడి తగిలినా, ముక్కు మండే వాసన వచ్చినా వద్దు. పచ్చి పెంటతో చెదలూ, వేరుపురుగూ చేనెక్కుతాయి. పైగా అది కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులే నేలలోని నత్రజనిని లాక్కుంటాయి, మొక్క కొన్నాళ్లు పాలిపోతుంది.

నల్లరేగడివాళ్లు, సున్నపు నేలలవాళ్లు ఈ మోతాదులు యథాతథంగా పట్టుకోవద్దు. అక్కడ ఆకు పసుపెక్కితే చాలాసార్లు ఇనుము అందకపోవడమే కారణం, దానికి జిప్సం మందు కాదు. ముందు మట్టి పరీక్ష చేయించుకోండి.