హైడ్ పార్క్‌లో రూజ్‌వెల్ట్ ఇల్లు, మ్యూజియం: పూటలో తెమిలే పని కాదు

న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళు ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే నయాగరా చూపిస్తారు, లిబర్టీ బొమ్మ చూపిస్తారు, వాషింగ్టన్ తీసుకెళ్తారు. న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్ ఆ జాబితాలోకి రాదు. న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి నుంచి కారులో సుమారు రెండు గంటల దారి, హడ్సన్ నది ఒడ్డున. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1882 జనవరి 30న పుట్టిన ఇల్లు అక్కడే ఉంది. 1945 ఏప్రిల్ 15న ఆయన్ని పూడ్చిపెట్టిన తోట ఆ ఇంటికి కూతవేటు దూరం. అమెరికా అధ్యక్షుడిగా నాలుగు ఎన్నికలు గెలిచి, రెండో ప్రపంచ యుద్ధం నడిపిన మనిషి గురించి తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ ప్లాన్ లేకుండా వెళ్తే సగమే చూసి వెనక్కి రావాల్సి వస్తుంది.

ముందు టికెట్ల సంగతి. ఒకే ఆవరణ అయినా ఇక్కడ యజమానులు ఇద్దరు. స్ప్రింగ్‌వుడ్ అనే ఇల్లు నేషనల్ పార్క్ సర్వీస్‌ది, లైబ్రరీ–మ్యూజియం నేషనల్ ఆర్కైవ్స్‌ది. అందుకే పార్కుల వార్షిక పాస్ చేతిలో ఉన్నా మ్యూజియం రుసుము విడిగా కట్టాలి. కౌంటర్ దగ్గర చాలామంది వాదనకు దిగేది ఇక్కడే, ఆ వాదన వల్ల లాభం లేదు. ఇంట్లోకి గైడ్‌తోనే పంపుతారు, ఒక్కో బృందంలో ఇంతమందే అని పరిమితి ఉంటుంది, పర్యటన సుమారు గంట. అక్టోబరులో ఆకులు రంగు మారే వారాంతాల్లో ఆ బృందాలు మధ్యాహ్నానికే నిండిపోతాయి. ముందు మ్యూజియం చూసేసి తర్వాత తీరిగ్గా ఇంటికి వెళ్దాంలే అనుకుంటే దొరక్కపోవచ్చు. పొద్దున మొదటి బృందాల్లోనే ఇంటికి టికెట్ తీసుకుని, ఆ తర్వాత మ్యూజియంలో కనీసం రెండు గంటలు పెట్టుకోండి. సమయాలు, ధరలు సీజన్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు రెండు సంస్థల వెబ్‌సైట్లూ చూడండి.

ఇల్లు ముందు చూడమనడానికి టికెట్లొకటే కారణం కాదు. 1921 ఆగస్టులో, 39 ఏళ్ళ వయసులో, ఆయనకు పోలియో వచ్చింది. తర్వాత ఎవరి సాయమూ లేకుండా నడవలేదు. మ్యూజియంలో ఉన్న పటాలు, ఉత్తరాలు, ఉపన్యాసాల వెనుక ఆ శరీరం ఉంది. అది అర్థమయ్యేది ఇంట్లో, ముఖ్యంగా ఒక చిన్న లిఫ్ట్ దగ్గర.

అది నిజానికి మనుషుల లిఫ్ట్ కాదు. ట్రంకు పెట్టెలు పైకి చేర్చడానికి పెట్టిన గూడు. మోటారు లేదు, గిలక మీద తాడు ఉంది. రూజ్‌వెల్ట్ చక్రాల కుర్చీతో సహా అందులో ఇరుక్కుని కూర్చుని, నూతిలో చేద లాగినట్టు తాడు లాగుతూ తన బరువును తానే పై అంతస్తుకు ఎత్తుకునేవాడు. కరెంటు లిఫ్ట్ పెట్టించుకునే స్తోమత లేక కాదు. మంటలు లేస్తే కరెంటు పోతుంది, లోపల చిక్కుకుపోతానని భయం. నడవలేని మనిషికి అగ్ని భయం ఎలా ఉంటుందో ఆ తాడు చూస్తే తెలుస్తుంది. గైడ్ కథ చెప్పడం పూర్తయ్యేదాకా ఆగి, బృందం కదిలాక ఒక్క నిమిషం అక్కడే నిలబడండి. గుంపులో ముందు నిలబడ్డవాళ్ళకు తప్ప లోపలి కొలత సరిగ్గా కనపడదు.

కుర్చీ కూడా గమనించాలి. అప్పట్లో దొరికే చక్రాల కుర్చీలు వెడల్పుగా, మోటుగా ఉండేవి. ఆయన చేతులు లేని మామూలు వంటింటి కుర్చీ తీసుకుని, కాళ్ళ స్థానంలో చక్రాలు బిగించుకున్నాడు. ఇరుకు గుమ్మాల్లోంచి దూరేది, వేరే కుర్చీలోకి జరగడం తేలికయ్యేది. నిలబడటానికి కాళ్ళకు కట్టుకునే లోహపు కాలిపర్లు మ్యూజియంలో ఉన్నాయి. జత బరువు సుమారు 10 పౌండ్లు, మోకాలి దగ్గర గడియ పెట్టినట్టు బిగుస్తాయి. ప్యాంటు కింద కనపడకుండా మడమల దగ్గర నల్లరంగు వేయించుకున్నాడు. ఇన్ని ఏర్పాట్లూ తన స్థితి జనానికి కనపడకూడదనే. అందుకే చక్రాల కుర్చీలో ఉన్న ఆయన ఫొటోలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి.

పై అంతస్తులో పడకగదులు వరసగా ఉంటాయి. ఒక పక్క రూజ్‌వెల్ట్ గది, ఇంకో పక్క తల్లి సారా గది, నడుమ ఇరుకైన గదిలో భార్య ఎలినార్. ఇల్లు 1941 సెప్టెంబరులో సారా చనిపోయేదాకా ఆమె పేరు మీదే ఉంది, అంటే దేశాధ్యక్షుడు అప్పటిదాకా అమ్మ ఇంట్లోనే ఉన్నాడు! ఆ మూడు గదుల అమరిక చూస్తే అత్తాకోడళ్ళ కథ గైడ్ చెప్పక్కర్లేదు, మనకు అర్థమైపోతుంది. రూజ్‌వెల్ట్ మంచం దగ్గర వైట్ హౌస్‌కి నేరుగా కలిసే టెలిఫోను, ఫాలా అనే కుక్క పట్టీ ఉన్నాయి. కింద హాల్లో చిన్నప్పుడు ఆయన సేకరించి గడ్డి కుక్కించిన పక్షుల బీరువా ఉంది, పిల్లలకు నచ్చేది అదొక్కటే. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి ఒక హెచ్చరిక: పై అంతస్తుకు మెట్లే దారి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది అంతస్తుతో సరిపెట్టుకోవాలి. చక్రాల కుర్చీ మనిషి ఇంట్లో ఈ పరిస్థితి కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది, కానీ పాత ఇంటిని మార్చకూడదన్న నియమం ముందు ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇక మ్యూజియం. ప్రభుత్వం నడిపే అమెరికా అధ్యక్షుల లైబ్రరీల్లో ఇదే మొదటిది, 1941 జూన్ 30న తెరిచారు. అంతకుముందు అధ్యక్షుడి కాగితాలు ఆయన సొంత ఆస్తి. పదవి దిగాక వారసులు పంచుకున్నవీ ఉన్నాయి, కాలబెట్టినవీ ఉన్నాయి. రూజ్‌వెల్ట్ చందాలతో భవనం కట్టించి, కాగితాలతో సహా ప్రభుత్వానికి ఇచ్చేశాడు. పదవిలో ఉండగానే తన లైబ్రరీలో కూర్చుని పనిచేసిన అధ్యక్షుడు ఈయన ఒక్కడే, ఆ గది అలాగే ఉంచారు. ఇప్పుడున్న ప్రదర్శన 2013లో కొత్తగా అమర్చింది.

తొందరలో ఉన్నవాళ్ళు బాల్యం, రాజకీయ ప్రవేశం గ్యాలరీలు గబగబా దాటేయొచ్చు. ఆగాల్సింది రేడియోల దగ్గర. ఆ కాలపు వంటగదిలా అమర్చిన చోట ఆయన ప్రసంగాలు వినిపిస్తాయి. 1933 మార్చి 12న బ్యాంకులు ఎందుకు మూశారో, ఎప్పుడు తెరుస్తారో, డబ్బు పరుపుల కింద దాచడం ఎందుకు అనవసరమో చెప్పిన మొదటి ప్రసంగం ఇప్పుడు విన్నా పక్కింటి పెద్దమనిషి అరుగు మీద కూర్చుని చెప్పినట్టుంటుంది. 1942 ఫిబ్రవరి 23 ప్రసంగానికైతే, వినేవాళ్ళంతా ప్రపంచ పటం ముందు పెట్టుకుని కూర్చోమని ముందే చెప్పించాడు.

ఆయన ముందు పెట్టుకున్న పటాల కథ ఇంకా బాగుంటుంది. 1942 జనవరిలో వైట్ హౌస్ కింది అంతస్తులో మ్యాప్ రూమ్ పెట్టారు. ఆ ఆలోచన బ్రిటన్ ప్రధాని చర్చిల్ నుంచి తీసుకున్నదే. సైన్యం, నౌకాదళం అధికారులు రాత్రింబవళ్ళు కాపలా ఉండి పిన్నులు జరిపేవారు. పటాలు కుర్చీలో కూర్చున్న మనిషి కంటికి అందేలా కిందికి తగిలించారు. ముగ్గురు నాయకులు ఎక్కడున్నారో చూపించే పిన్నులు ప్రత్యేకం: చర్చిల్‌కు చుట్ట, స్టాలిన్‌కు పైపు, రూజ్‌వెల్ట్‌కు సిగరెట్ హోల్డర్. ఆ గదిని తలపించే ఏర్పాటు మ్యూజియంలో ఉంది, తెరల మీద యుద్ధం దశలవారీగా కదులుతుంది. పిల్లలు ఆట వస్తువనుకుని వదలరు కాబట్టి మీ వంతుకు ఆగాల్సి రావచ్చు.

కాగితాల్లో ఒక్కటి చూడాలంటే పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి గురించిన ప్రసంగం ముసాయిదా. 1941 డిసెంబరు 7 సాయంత్రం కార్యదర్శికి చెప్పి టైపు చేయించిన పేజీ అది. మొదటి వాక్యంలో ‘ప్రపంచ చరిత్రలో నిలిచిపోయే రోజు’ అని ఉంది. పెన్సిల్‌తో ‘ప్రపంచ చరిత్ర’ కొట్టేసి, అపకీర్తి అనే అర్థమిచ్చే మాట పైన రాశాడు. ఆ ఒక్క దిద్దుబాటుతో వార్త ప్రకటన కాస్తా అభియోగమైంది. రాసే అలవాటున్నవాళ్ళు ఈ పేజీ కోసమైనా వెళ్ళొచ్చు. పాత కాగితాలు పాడవకుండా వెలుతురు తక్కువగా ఉంచుతారు, చదివే కళ్ళజోడు మర్చిపోవద్దు.

కింది అంతస్తులో నీలం రంగు ఫోర్డ్ ఫేటన్, 1936 మోడల్. కాళ్ళతో పని లేకుండా బ్రేకు, క్లచ్చి, వేగం అన్నీ చేతి మీటలతో నడిచేలా మార్పించుకున్న కారు. స్టీరింగ్ దగ్గర వెలిగించిన సిగరెట్ బయటికి అందించే పెట్టె కూడా ఉంది. 1942 జూన్‌లో చర్చిల్ వచ్చినప్పుడు ఆయన్ని ఎక్కించుకుని హడ్సన్ ఒడ్డు కొండ అంచుల మీద తిప్పాడు. ఆ మీటలూ బ్రేకులూ సరిగా పనిచేయాలని లోపల్లోపల కోరుకున్నానని చర్చిల్ తర్వాత రాసుకున్నాడు. అదే పర్యటనలో, ఇంట్లోని చిన్న గదిలో కూర్చుని ఇద్దరూ అణుబాంబు పరిశోధన కలిసి చేసే సంగతి మాట్లాడుకున్నారు. 1944 సెప్టెంబరులో మళ్ళీ ఇక్కడే, బాంబు తయారైతే జపాన్ మీద వాడే అవకాశం గురించి ఒక పత్రం మీద సంతకాలు పెట్టారు. అందులో ప్రాజెక్టుకు ‘ట్యూబ్ అల్లాయ్స్’ అనే మారుపేరు ఉండటంతో, అమెరికా ప్రతిని నౌకాదళం గొట్టాల సంగతనుకుని వేరే ఫైల్లో పడేశారు, ఏళ్ళ తర్వాత బయటపడింది.

మచ్చలు దాచారా అంటే, లేదు. వివాదాలకు టచ్ స్క్రీన్లు పెట్టారు. 1942 ఫిబ్రవరి 19 నాటి ఉత్తర్వు 9066తో సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్ళను శిబిరాలకు తరలించడం, యూదు శరణార్థుల విషయంలో చేసినదీ చేయనిదీ, సుప్రీం కోర్టులో జడ్జీల సంఖ్య పెంచబోయి భంగపడటం వగైరా పత్రాలతో సహా ఉంటాయి. అయితే ఇదంతా వేలితో నొక్కి, ఓపిగ్గా చదివేవాళ్ళకే. నడుస్తూ గోడలు మాత్రమే చూసేవాళ్ళకు ఆయన మీద ఆరాధనే ఎక్కువ మిగులుతుంది. మ్యూజియానికి మా ఫిర్యాదు ఇదే.

మనవాళ్ళు కొంత చదువుకుని వెళ్తే మంచిది. 1941 ఆగస్టులో ప్రజలు తమ ప్రభుత్వాన్ని తామే ఎంచుకునే హక్కు గురించి రూజ్‌వెల్ట్, చర్చిల్ కలిసి ప్రకటన చేశారు. నెల తిరక్కుండా చర్చిల్ పార్లమెంటులో అది ఇండియాకు వర్తించదని చెప్పేశాడు. 1942 జూలై 1న గాంధీ రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాశారు. రూజ్‌వెల్ట్ చర్చిల్ మీద ఒత్తిడి తెచ్చాడు, కానీ యుద్ధ మైత్రి చెడేదాకా లాగలేదు. బెంగాల్ కరువు సమయంలో, 1944 ఏప్రిల్‌లో, గోధుమలు తేవడానికి ఓడలు ఇమ్మని చర్చిల్ అడిగితే సైనిక అవసరాలు చెప్పి కుదరదన్నాడు. ఇంకో పక్క రూజ్‌వెల్ట్ 1933లో పెట్టిన టెనెస్సీ వ్యాలీ అథారిటీ (నది మీద ఆనకట్టలు కట్టి నడిపే సంస్థ) నమూనాతోనే 1948లో మన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ వచ్చింది. ఇవి తెలిసి వెళ్తే మ్యాప్ రూమ్‌లో ఇండియా వైపు చూసే చూపే వేరు.

సమయం మిగిలితే రెండు మైళ్ళ అవతల ఎలినార్ ఉన్న వాల్-కిల్ చూడొచ్చు. సాదా ఇల్లు, చప్పున అయిపోతుంది. టాప్ కాటేజ్ సీజన్‌లోనే తెరుస్తారు. రూజ్‌వెల్ట్ తన కుర్చీకి అనుకూలంగా గడపలు, మెట్లు లేకుండా తానే గీయించుకున్న ఇల్లది, ఇంజనీర్లకు నచ్చుతుంది.

తిండి విషయం: పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళడమే ఉత్తమం, ఇంట్లోకీ మ్యూజియంలోకీ మాత్రం తీసుకెళ్ళనివ్వరు. దారిలో తొమ్మిదో నంబరు రోడ్డు మీద పెద్ద అక్షరాలతో సీ.ఐ.ఏ. అని బోర్డు కనపడితే కంగారుపడకండి, అది వంట కళాశాల. రైల్లో వచ్చేవాళ్ళు గ్రాండ్ సెంట్రల్ నుంచి పొకిప్సీ దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఆరు మైళ్ళకు టాక్సీ మాట్లాడుకోవాలి. తిరుగు టాక్సీ కూడా అప్పుడే మాట్లాడుకోండి.

గులాబీ తోట చివరికి ఉంచుకోండి, జూన్‌లో అయితే పూత బాగుంటుంది. సమాధి రాయి ఎలా ఉండాలో 1937 డిసెంబరులోనే కాగితం మీద పెట్టాడు: తెల్ల చలువరాయి, 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు, మీద చెక్కడాలు వద్దు. అలాగే చేశారు. పేర్లు, సంవత్సరాలు తప్ప ఇంకేమీ లేవు. ఫాలాను పక్కనే నీడగడియారం దగ్గర పాతిపెట్టారు. చాలామంది అటు చూడకుండానే కారు దగ్గరికి వెళ్ళిపోతారు.