ఎన్‌హెచ్ 44 మీద ఒంటరిగా: కొన్నేళ్ళు నడిపాక నా అభిప్రాయం

మా ఇల్లు మేడ్చల్ దగ్గర. సందు చివర సర్వీస్ రోడ్డు ఎక్కితే ఎన్‌హెచ్ 44. ఉత్తరానికి తిరిగితే శ్రీనగర్, దక్షిణానికి తిరిగితే కన్యాకుమారి. 3,700 కిలోమీటర్ల పైచిలుకు పొడవు, దేశంలో ఇంతకన్నా పొడవైన జాతీయ రహదారి లేదు. కొన్నేళ్ళుగా ఈ రోడ్డుని ముందు ముక్కలు ముక్కలుగా, తర్వాత ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిపాను. కారు 1,200 సీసీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, చేతి గేర్లు. పక్క సీట్లో నీళ్ళ సీసా, అరటిపళ్ళు తప్ప ఎవరూ ఉండరు.

రోడ్డుకి మంచి మార్కులే వేస్తాను. ఒంటరిగా నడిపేవాళ్ళకి మాత్రం ఇది సులువైన రోడ్డు కాదు. గుంతల వల్ల కాదు, మరీ నున్నగా, మరీ తిన్నగా ఉండటం వల్ల.

2010లో హైవేల నంబర్లు మార్చినప్పుడు వారణాసి–కన్యాకుమారి పాత ఏడో నంబరు రోడ్డులో చాలా భాగాన్ని, పైనున్న మరికొన్ని రోడ్లని కలిపి 44 చేశారు. మా నాన్న ఇప్పటికీ "సెవెన్ హైవే" అనే అంటారు. ఆయన రోజుల్లో అది కామారెడ్డి, ఆర్మూరు, నిర్మల్, డోన్, గుత్తి ఊళ్ళలోంచే పోయేది. గంటకోసారి బస్టాండు, గేదెలు, మిర్చిబజ్జీల బండి, హారన్ల గోల. విసుగే, కానీ కునుకు పట్టే సందు లేదు. ఇప్పుడు అన్నిటికీ బైపాసులు. కర్నూలు నుంచి అనంతపురం దాకా స్టీరింగ్ పెద్దగా తిప్పే పని లేదు. నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకి 100 దాకా అనుమతి ఉంది, బండి ఆ వేగంలో తనంతట తాను పోతున్నట్టే ఉంటుంది. కళ్ళు బరువెక్కేది సరిగ్గా అక్కడే.

పక్కన మనిషి ఉంటే మన మాట ముద్దగా వస్తోందని, బ్రేకు ఆలస్యంగా పడుతోందని వాళ్ళకి తెలుస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు అది మనమే కనిపెట్టాలి, నిద్రమత్తులో ఉన్న మనిషికి తన మత్తు తెలియదు. నేను ఒక్క గుర్తు పెట్టుకున్నాను: ఇందాక దాటిన టోల్‌గేటు ఏదో గుర్తు రాకపోతే ఆగిపోవడమే. అద్దాలు దించడం, పాటలు పెంచడం, ముఖం మీద నీళ్ళు కొట్టుకోవడం, ఏవీ పది నిమిషాలకి మించి పనిచేయవు. పనిచేసేది నిద్రే. కాఫీ తాగి వెంటనే సీటు వెనక్కి వాల్చి ఇరవై నిమిషాలు పడుకుంటాను. కాఫీ ఒంటికి పట్టడానికి కూడా దాదాపు అంతే సమయం కావాలి కాబట్టి లేచేసరికి రెండూ కలిసొస్తాయి. పడుకునేది లైట్లున్న పెద్ద పెట్రోల్ బంకులో, మనుషులు కనిపించే చోట. రోడ్డు పక్కన మాత్రం వద్దు. టెయిల్ లైటు లేని లారీలు ఆగేదీ, వెనకొచ్చే బండి వాటిని గుద్దేదీ అక్కడే.

తిండి సంగతి కూడా ఇందులోదే. మధ్యాహ్నం పప్పన్నం, పెరుగన్నం కడుపునిండా తిని రెండింటికి బండి తీశారంటే మూడింటికి మీ పని అయిపోయినట్టే. పొద్దున ఇడ్లీనో ఉప్మానో గట్టిగా తిని, మధ్యాహ్నం రెండు రొట్టెలు, మజ్జిగతో సరిపెట్టుకుంటాను. తెల్లవారుజామున 5కి బయల్దేరి సాయంత్రం 5 లోపు గదిలో ఉంటాను. రోజుకి 450, మహా అయితే 500 కిలోమీటర్లు. వెయ్యి కొట్టామని గొప్పలు చెప్పుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళ లెక్క వాళ్ళది.

చీకటి పడ్డాక నడపను. కోతల రోజుల్లో మన తెలంగాణలో సర్వీస్ రోడ్ల మీద, ఒక్కోచోట హైవే అంచున కూడా వడ్లు ఆరబోస్తారు. రాత్రికి కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. హెడ్‌లైట్ వెలుగులో అది రోడ్డులో కలిసిపోతుంది. ఆదిలాబాద్ వైపు చలికాలంలో పత్తి ట్రాక్టర్లు, వెనక రిఫ్లెక్టర్ కూడా ఉండదు. రైతుని తిట్టి లాభం లేదు, కల్లాలు చాలినన్ని లేనిచోట ఆ గింజలు ఇంకెక్కడ ఆరబోస్తాడు?

దక్షిణం వైపు సగం నాకు బాగా అలవాటు. బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర, పామిడి దగ్గర పెన్న. అలంపూర్ చౌరస్తా నుంచి జోగులాంబ గుడి, కొడికొండ చెక్‌పోస్టు నుంచి లేపాక్షి బసవన్న, రెండూ దారికి పక్కనే. రోడ్డు మన చేత ఊళ్ళని తప్పించేస్తోంది కాబట్టి పనిగట్టుకుని దిగాలి. గంట పోతుంది, మెలకువ తిరిగొస్తుంది. గుత్తి కోట ఎక్కడం ఇంకా మంచి మందు: మెట్లెక్కిన కాళ్ళు రెండు గంటలు నిద్రపోనివ్వవు. పెట్రోల్ విషయంలో ఒక చిన్న కిటుకు. ఆంధ్రప్రదేశ్‌లో లీటరు ధర దేశంలోనే ఎక్కువ ఉన్న వాటిల్లో ఒకటి, తెలంగాణదీ తక్కువేం కాదు. కాబట్టి అనంతపురం దగ్గర ట్యాంకు నింపకుండా సరిపోయేంత పోయించుకుని, కర్ణాటకలోకి దిగాక బాగేపల్లి దగ్గర ఫుల్ చేయించండి. లారీవాళ్ళందరూ చేసేది ఇదే.

బెంగళూరు గురించి నేను చెప్పాల్సింది ఒక్కటే: పొద్దున ఆరున్నరలోపు దాటేయండి. దాటలేకపోతే దేవనహళ్ళిలో పడుకోండి.

ధర్మపురి తర్వాత తొప్పూరు ఘాట్ వస్తుంది. సేలం వైపు పొడవాటి దిగుడు. డీజిల్ మిగులుతుందని లారీలు న్యూట్రల్‌లో దిగడం, బ్రేకులు వేడెక్కి పట్టకపోవడం, ముందున్న వాటి మీద పడటం, అక్కడ ప్రమాదాలు ఎక్కువ కావడానికి ఒక పెద్ద కారణం ఇది. మూడో గేరులో, ఎడమ లైనులో, వెనక అద్దం మీద కన్నేసి దిగుతాను. వెనక పెద్ద బండి ఉంటే దానికి దారి ఇచ్చేస్తాను. నామక్కల్ దాటి కావేరి, మదురై, తిరునెల్వేలి. కావల్‌కిణరు ప్రాంతంలో గాలిమరలు ఊరికే పెట్టలేదని చిన్నకారు నడిపితే అర్థమవుతుంది. పక్కగాలికి స్టీరింగ్ లాగుతుంది, లారీని దాటి బయటపడగానే కారు ఒక్క కుదుపు కుదుపుతుంది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి.

నాకు ఇష్టమైన సగం మాత్రం ఉత్తరానిది. సోన్ దగ్గర గోదావరి, ఆదిలాబాద్ దాటాక పెన్‌గంగ. నాగపూర్‌కి ఇక్కణ్ణించి 500 కిలోమీటర్ల లోపే, మొదటిరోజుకి సరిగ్గా సరిపోతుంది. అక్కణ్ణించి పెంచ్ అడవి. జంతువులు కిందినుంచి దాటేలా రోడ్డుని పైకెత్తి కట్టారు. మహారాష్ట్ర వైపు అలాంటివి 9 ఉన్నాయి, అన్నిటికన్నా పొడవైనది 750 మీటర్లు. శబ్దం, వెలుతురు అడవిలోకి పోకుండా పక్కన గోడలు పెట్టారు. పులులు కింద నడుస్తున్న బొమ్మలు కెమెరాల్లో దొరికాయి. పైనున్న మనకి గోడలే కనిపిస్తాయి. అడవి చూద్దామని వచ్చినవాళ్ళకి కాస్త నిరాశే, నాకైతే ఆ నిరాశ ఇష్టం. సివనీ, నర్సింగ్‌పూర్, సాగర్ మీదుగా పోయే దారిలో బర్మాన్ ఘాట్ దగ్గర నర్మద. జనం తక్కువ, లారీలు తక్కువ, ధాబాలు కూడా తక్కువే, కాబట్టి సివనీలో తినేసి బయల్దేరాలి. గ్వాలియర్ దాటాక మొరేనా, ధోల్‌పూర్ మధ్య చంబల్ వంతెన వస్తుంది. రెండు పక్కలా గండ్లు పడ్డ మట్టి లోయలు, చూపు ఆనినంత దూరం. నా ఓటు ఆ ముక్కకే.

ఢిల్లీలోకి వెళ్ళే పని లేకపోతే పల్వల్ దగ్గర ఈస్టర్న్ పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కండి. 2018లో తెరిచిన ఈ 135 కిలోమీటర్ల రోడ్డు మిమ్మల్ని కుండ్లీలో దింపుతుంది, కాస్త ముందుకెళ్తే ముర్తల్ పరాఠాలు. డిసెంబరు, జనవరిలో హర్యానా, పంజాబ్‌లో పొగమంచు పడితే పొద్దున 10 దాకా గది వదలొద్దు.

ఆడవాళ్ళు అడిగే ప్రశ్నలకి ఇక్కడే జవాబు చెప్పేస్తాను. బాత్రూముల కోసం పెద్ద బంకులు, కుటుంబాలు ఆగే పెద్ద హోటళ్ళు చూసుకోవాలి. పగలు ఎక్కడా నాకు భయం వేయలేదు. నేరడిగొండ దగ్గర టీ కొట్టు పెద్దమ్మ "ఒక్కదానివే పోతున్నవా బిడ్డా?" అని అడిగి, రెండో టీకి డబ్బులు తీసుకోలేదు. పంజాబ్‌లో పంక్చరు వేసే ఆయన "అకేలీ హో బెహన్‌జీ?" అని మిగతా మూడు టైర్లూ చూసి పంపించాడు. లాడ్జీల్లో మాత్రం కౌంటరు దగ్గర ఆ ప్రశ్నకి ఇంకో రుచి ఉంటుంది. ముందురోజే ఫోన్ చేసి ఒక్కదాన్నే వస్తున్నానని చెప్పేస్తాను, నసిగితే వేరేది చూసుకుంటాను. లైవ్ లొకేషన్ మా చెల్లి దగ్గర ఉంటుంది. హైవే సహాయానికి 1033 నంబరు, ట్యూబ్‌లెస్ టైరు ప్లగ్గులు, 12 వోల్టుల గాలి పంపు, ఈ మూడూ లేకుండా బయల్దేరను.

ఖర్చులో పెట్రోల్ తర్వాతది టోలే. 2025 ఆగస్టు 15న ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది. అప్పుడు ధర 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. అంటే గేటుకి 15 రూపాయలు. నాలాంటివాళ్ళకి లాటరీ తగిలినట్టే. జాతీయ రహదారుల గేట్లకే పనిచేస్తుంది, మన ఔటర్ రింగ్ రోడ్డు మీద మామూలుగానే కోత పడుతుంది. బైకు మీద వెళ్ళేవాళ్ళకి హైవే టోలే లేదు.

జమ్మూ దాటాక ఇది వేరే రోడ్డు. 2017లో తెరిచిన చెనాని–నాశ్రీ సొరంగం 9 కిలోమీటర్ల పైన, 2021 నుంచి నడుస్తున్న బనిహాల్–కాజీగుండ్ సొరంగం 8.45 కిలోమీటర్లు. అవి వచ్చాక దూరం, మంచు బాధ తగ్గాయి. వాటి మధ్యనున్న రాంబన్ ముక్క మాత్రం కొండచరియల దయ. 2025 వానలకి జమ్మూ–శ్రీనగర్ దారి పాడై ఆపిల్ లారీలు రోజుల తరబడి నిలిచిపోయాయి. ఏ రోజు ఏ వైపు బండ్లు వదులుతారో ట్రాఫిక్ పోలీసులు ముందే ప్రకటిస్తారు, అది చూడకుండా జమ్మూ వదలొద్దు. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఫోన్ లేకపోవడం చిన్న విషయం కాదు.

ఘాట్ రోడ్లు అలవాటు లేనివాళ్ళకి నా సలహా: కారుని కట్రాలో పెట్టి శ్రీనగర్‌కి రైలెక్కండి. 2025 జూన్ నుంచి నడుస్తోంది, నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన చీనాబ్ వంతెన దారిలోనే వస్తుంది. రాంబన్ రోడ్డు ఇంకో ఏడాదికి ఉంచుకోండి, అదీ అక్టోబరులో.