సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్ళకి హెచ్చరిక: డబ్బు కట్టేముందు డిక్కీ మ్యాట్ ఎత్తి చూడండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు సెకండ్‌హ్యాండ్ కారు చూస్తున్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. వెనక నుంచి గుద్దించుకున్న బండిని బాగుందని చెప్పి నాకు అమ్మిన డీలర్ పేరు రాయడం లేదు. అతనితో నా గొడవ ఇంకా తెగలేదు. మీకు కావలసింది అతని పేరు కంటే ఆ మోసం ఎక్కడ దాక్కుంటుందన్నది.

పోయిన మే నెలలో నెల్లూరులో ఒక సెడాన్ కొన్నాను. ఏడేళ్ళ బండి, 4 లక్షల 35 వేలు. మన దగ్గర పాత కారు అంటే అందరం ముందు అడిగేది వరదలో మునిగిందా అనే. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు దగ్గర హైవే తెగినప్పటి నుంచి ఆ భయం పోలేదు. నేనూ అదొక్కటే చూశాను. సీటు బెల్టులు చివరిదాకా లాగాను, సీట్ల కింద పట్టాలకు బురద ఉందేమో టార్చి వేసి వెతికాను. ఎక్కడా లేదు. డిక్కీ తెరిస్తే కొత్త మ్యాట్ కనిపించింది. "మీకోసమే వేయించాం సార్" అన్నాడు డీలర్. సంతోషపడ్డాను. ఆ మ్యాట్ అంచులు గమ్‌తో అతికించి ఉన్నాయి. ఎందుకు అతికించారని అడగాలని తోచలేదు.

మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మేలో కొన్న బండి లోపం ఐదు నెలల తర్వాత గానీ బయటపడదు. అక్టోబరులో మొదటి వాయుగుండానికే కారులో తడిసిన గోనెసంచి వాసన మొదలైంది. పొద్దున్నే చూస్తే వెనక అద్దం లోపలివైపు ఆవిరి పట్టి ఉండేది. ఏసీ ఫిల్టర్ అనుకుని మార్పించాను.

నవంబరులో చెల్లెలి పెళ్ళికి వెంకటగిరి వెళ్ళి చీరలు తెచ్చాం. గూడూరు దాటాక వాన పట్టుకుంది, నెల్లూరు వచ్చేదాకా వదల్లేదు. ఇంటికొచ్చి డిక్కీ తీస్తే అట్టపెట్టెల అడుగులు నాని ఊడిపోయాయి. ఆరు చీరల్లో రెండింటికి రంగు దిగింది. అందులో ఒకటి పెళ్ళికూతురిది. అమ్మ ఏమీ అనలేదు, ఆ చీర మడత విప్పి ఫ్యాన్ కింద ఆరేసి అలాగే కూర్చుండిపోయింది. డబ్బు పోయిన దానికన్నా నాకు అదే ఎక్కువ బాధ.

ఆ రాత్రే గమ్ పీకి మ్యాట్ లేపాను. స్టెప్నీ ఉండే గుంతలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు. జాకీ తుప్పుముద్ద అయిపోయింది. ఆ తుప్పు ఒక్క వానది కాదు, కొన్నేళ్ళది.

మొదటి మెకానిక్ చూడగానే డిక్కీ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ పోయిందన్నాడు. 1,800 పెట్టి కొత్తది వేయించాను. నీళ్ళు ఆగలేదు. ఇంకొకతను టెయిల్ ల్యాంపుల చుట్టూ సిలికాన్ పూశాడు, 600. అయినా ఆగలేదు. పైగా అది పులిసిన వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్. అందులోంచి వచ్చే ఆమ్లం ఇనుప రేకుని తినేస్తుందని తర్వాత తెలిసింది. దయచేసి దాన్ని కారు బాడీకి పూయనివ్వకండి.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, ముప్పై ఏళ్ళుగా టింకరింగ్ చేస్తున్నవాడు, పద్ధతిగా వెతికాడు. ముందు డిక్కీ మొత్తం ఖాళీ చేసి, తుడిచి, ఒక రోజంతా ఎండలో పెట్టించాడు. తడిగా ఉన్నప్పుడు వెతికితే ఏ నీరు ఎక్కడిదో తెలియదు బాబూ అన్నాడు. తర్వాత బీడింగ్ కింద కాగితం ముక్క పెట్టి డిక్కీ మూసి, బయటి నుంచి లాగుతూ చుట్టూ చూశాడు. అన్నిచోట్లా బిగుతుగానే వచ్చింది. అంటే రబ్బరు బాగానే పట్టింది. లోపలి రేకు అతుకుల మీద సుద్దపొడి చల్లి, మా బామ్మర్దిని టార్చి ఇచ్చి డిక్కీలో కూర్చోబెట్టి మూత వేశాడు. (తాళంచెవి బయట మన చేతిలో ఉండాలి. పిల్లల్ని మాత్రం ఎప్పుడూ లోపల పెట్టకండి.) పైపు నీళ్ళు కింద బంపర్ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో చోట ఐదు నిమిషాలు ఆపుతూ పైకి వచ్చాడు. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు కిందికి జారి అన్నిచోట్లా తడి కనబడుతుంది, అసలు దారి దొరకదు.

డిక్కీ ఎడమ మూలకి వచ్చేసరికి బామ్మర్ది లోపల నుంచి అరిచాడు, సుద్దలో సన్నటి గీత దిగుతోందని. బీడింగ్ పట్టుకునే అంచుకి కాస్త కింద, వెనక ప్యానెల్ పక్క రేకుతో కలిసే అతుకు అది. పెద్దాయన అక్కడ లప్పం గీకి చూపించాడు. కంపెనీ వెల్డింగ్ అయితే సమానమైన దూరంలో గుండ్రటి చుక్కల్లా ఉంటుంది. ఇక్కడ వెల్డింగ్ చేసి గ్రైండర్‌తో అరగదీసి పైన లప్పం పెట్టారు, అతుకులోంచి నీళ్ళు దిగకుండా పూసే సీలర్ పూయనేలేదు. కుడివైపు కంపెనీ సీలర్ ఒకే వరుసలో నున్నగా ఉంది. ఎడమవైపు రేకు నాకు ఖాళీగా కనిపించింది. డిక్కీ మూత బోల్టుల తలల మీద పెయింటు కూడా రేగిపోయి ఉంది, అంటే ఎప్పుడో విప్పారు. నాకు అమ్మింది వెనక నుంచి గట్టిగా గుద్దించుకున్న బండి. "ఒక్క గీత కూడా పడలేదు సార్" అని చెప్పిన బండి.

తుప్పు వైర్ బ్రష్‌తో రుద్ది, ప్రైమర్ కొట్టి, అతుకంతా పాలీయురెథేన్ సీలర్ నింపి, పైన పెయింటు వేశాడు. పైపు కింద పెడితే చుక్క దిగలేదు. కానీ ఒంగోలు వెళ్ళి వానలో తిరిగొచ్చేసరికి మళ్ళీ తడి. నిలబెట్టి ఉంటే పొడిగా ఉంటోంది, నడిపితేనే వస్తోంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చాలా ఉపయోగపడుతుంది. బంపర్ విప్పితే లోపల కారులోని గాలి బయటికి పోయే ప్లాస్టిక్ జాలీ ఉంది. దాని రబ్బరు రెక్క ఒకటి లేదు, చక్రం చిమ్మే నీళ్ళు అందులోంచి నేరుగా వస్తున్నాయి. చాలామంది దాన్ని టేపుతో మూసేస్తారు. మూయకూడదు, గాలి పోయే దారి లేకపోతే అద్దాలకు ఆవిరి పడుతుంది. జాలీ మార్పించాను. మొత్తం 9,500 అయింది. ఆ తర్వాత రెండు వానలు చూశాం, పొడిగా ఉంది.

డీలర్ దగ్గరికి వెళ్తే "మీరు చూసుకునే కదా కొన్నారు" అన్నాడు. యాక్సిడెంట్ కాలేదని అతను నోటితో చెప్పాడు, నేను రాయించుకోలేదు. మీరు మాత్రం అడ్వాన్సు ఇచ్చేముందే వాట్సాప్‌లో అడగండి: బండికి వెనక, ముందు దెబ్బ తగిలిందా, నీళ్ళు దిగుతాయా అని. జవాబు రాతలో రావాలి. రాయడానికి వెనకాడితే ఆ బండి వదిలేయండి. మోసపోయినవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు, రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. నా ఫోటోలు, బిల్లులు అన్నీ సిద్ధం చేశాను, వచ్చే వారం ఫైల్ చేస్తున్నాను.

ఈ ఆదివారం ఎవరైనా బండి చూడ్డానికి వెళ్తుంటే మ్యాట్ ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంత అడుగున చేయి పెట్టి చూడండి. దారిలో ఏదైనా వాటర్ సర్వీసింగ్ దగ్గర ఆపి వెనక భాగం మీద పది నిమిషాలు నీళ్ళు కొట్టించండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి. నెల్లూరు చుట్టుపక్కలైతే నేనే వచ్చి చూస్తాను.