పదో వంతా, మనసుకు తోచినంతా, పిడికెడు బియ్యమా? సంఘంలో ఇవ్వడానికి ఏ పద్ధతి మేలు?

ఆరేళ్ళు మా క్రైస్తవ సంఘానికి ట్రెజరర్‌గా చేశాను. మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న ఊరు. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం పక్కగదిలో కానుకల సంచి చాప మీద బోర్లించి, నేనూ ఇంకొక సంఘ పెద్దా ఎదురెదురుగా కూర్చుని లెక్కపెట్టేవాళ్ళం. చెమటకి మెత్తబడిన పది రూపాయల నోట్లు, కొంగు ముడిలో నలిగి గొట్టంలా చుట్టుకుపోయిన ఇరవైలు, ‘పెళ్ళిరోజు కానుక’ అని రాసిన కవర్లో మడత నలగని ఐదు వందలు. నాట్ల రోజుల్లో సంచి బరువుగా ఉండేది. ఏప్రిల్, మే వచ్చి పొలం పనులు ఆగిపోతే చిల్లరే ఎక్కువ. అయ్యగారి (మా పాస్టరుగారి) జీతం, కరెంటు బిల్లు, మైక్ సెట్టు రిపేరు మాత్రం వేసవి అని ఆగవు. మనవాళ్ళకి ఇవ్వాలన్న మనసు ఉంది, అది నాకు ఆ చాప మీదే తెలిసింది. మరి ఏ పద్ధతిలో ఇస్తే ఇచ్చేవాళ్ళు నలిగిపోకుండా, సంఘం ఆగిపోకుండా ఉంటుంది?

మన తెలుగు సంఘాల్లో ముఖ్యంగా మూడు దారులు కనిపిస్తాయి. ఒకటి దశమభాగం, అంటే వచ్చినదాంట్లో పదో వంతు. రెండోది ఎవరి మనసుకు తోచినంత వాళ్ళు వేసే కానుక. మూడోది అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న పిడికెడు బియ్యం.

దశమభాగంలో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే, నిర్ణయం ఒక్కసారే తీసుకుంటాం. తర్వాత ప్రతి నెలా మనసుతో పోట్లాడనక్కర్లేదు. జీతం రాగానే పదో వంతు పక్కన పెట్టేస్తే అది ఇక మనది కాదు. మా అన్నయ్య కొడుక్కి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిన కొత్తలో ఫోన్ చేసి, “అత్తా, పదో వంతు చేతికొచ్చే జీతం మీదా, పీఎఫ్, టాక్స్ కట్ కాకముందు మొత్తం మీదా?” అని అడిగాడు. “ముందు చేతికొచ్చిన దాని మీద మొదలుపెట్టరా, నెల తప్పకుండా ఇవ్వు, ఏడాది తర్వాత నువ్వే ఆలోచించుకో” అన్నాను. ఇప్పటికీ అదే చెబుతాను. వాడిలాంటి వాళ్ళకి, నెల జీతం వచ్చి ఇంకా సంసారం మీద పడని పిల్లలకి, దశమభాగాన్ని మించిన అలవాటు లేదు. ఖర్చులు పెరగకముందే చెయ్యి అలవాటు పడుతుంది.

కానీ అదే లెక్కని కూలి ఇంటికి పట్టుకెళ్ళి చూడండి. నెలకి లక్షన్నర వచ్చే ఇంట్లో పదిహేను వేలు ఇస్తే ఇంకా లక్షా ముప్పై అయిదు వేలు ఉంటాయి. పదిహేను వేలు వచ్చే ఇంట్లో పదిహేను వందలు తీస్తే, అది నెల గ్యాసు, పిల్లల ఆటో ఫీజు. వంతు ఒకటే, బరువు ఒకటి కాదు. ఈ తేడా బైబిల్లోని ధర్మశాస్త్రానికి తెలుసు. లేవీయకాండము 27లో దశమభాగం భూమి పంట మీద, చెట్ల ఫలం మీద, పశువుల మంద మీద. కూలీ సంపాదన మీద పదో వంతు తెమ్మని అందులో లేదు. కూలీ గురించి ద్వితీయోపదేశకాండము 24 చెప్పేది వేరు: పొద్దు గూకకముందే వాడి కూలి వాడికి ఇచ్చెయ్యమని. మన సంఘాల్లో చాలా కుటుంబాల తాతముత్తాతలు సెంటు భూమి లేకుండా వేరేవాళ్ళ పొలాల్లో పనిచేసినవాళ్ళు. వాళ్ళ మనవరాళ్ళ దగ్గర నిలబడి మలాకీ 3 చదివి, “మీరు దేవుణ్ణి దోచుకుంటున్నారు” అంటే, ఆ మాట ఎవరి కోసం అన్నదో మనం మర్చిపోయినట్టే.

బలుల విషయంలోనూ ఇదే కనికరం ఉంది. గొఱ్ఱెపిల్ల తేలేనివాళ్ళు రెండు గువ్వలు తేవచ్చు. పాప పరిహారం కోసమైతే అవి కూడా లేనివాళ్ళు కొంచెం పిండి తేవచ్చని లేవీయకాండము 5లో ఉంది. యేసు పుట్టాక మరియ, యోసేపు దేవాలయానికి తీసుకెళ్ళింది ఆ పక్షుల కానుకే. పైగా మూడో ఏట తీసే దశమభాగం ఊళ్ళోనే ఉంచి దేవాలయ సేవ చేసే లేవీయులకి, పరదేశులకి, తండ్రిలేని పిల్లలకి, విధవరాండ్రకి తిండి పెట్టాలని ద్వితీయోపదేశకాండము 14 చెబుతుంది. దశమభాగం గురించి వాక్యం చెప్పేటప్పుడు ఈ భాగం కూడా చదవాలని నేను అయ్యగార్లని బతిమాలి చెబుతుంటాను.

రెండో దారికి ఆధారం అందరికీ తెలిసిందే. రెండో కొరింథీ 9:7లో పౌలు బలవంతం వద్దన్నాడు, సణుక్కుంటూ ఇవ్వొద్దన్నాడు. ఇందులో బీదవాళ్ళ గౌరవం నిలబడుతుంది. రెండు కాసులు వేసిన విధవరాలిని యేసు ఎత్తి చూపించింది అందుకే కదా. ఆమెని ఎవరూ లెక్క అడగలేదు.

అయితే ఆ వచనంలో ఒక మాటని మనం మింగేస్తున్నాం. హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వాలన్నాడు పౌలు. మరి మన మందిరంలో జరిగేది? కానుకల పాట మొదలవుతుంది, సంచి మూడో వరసకి వచ్చేస్తుంది, అప్పుడు చెయ్యి జేబులోకి వెళ్తుంది. వంద నోటు తగిలితే దాన్ని వెనక్కి నెట్టి ఇరవై కోసం వెతుకుతుంది. చిల్లర లేకపోతే పక్కావిడ దగ్గర చేబదులు. ఇది నిశ్చయం కాదు, ఆ నిమిషానికి దొరికింది. ఆరేళ్ళ పుస్తకాలు తిరగేస్తే నాకు కనిపించింది ఇదే: తోచినంత ఇచ్చే సంఘంలో, బాగా ఇవ్వగలిగిన ఇళ్ళే తక్కువ ఇస్తాయి. పదేళ్ళ క్రితం యాభై వేసినవాళ్ళు జీతం మూడింతలైనా యాభైయే వేస్తున్నారు. వాళ్ళు పిసినారులు కాదు. ఎప్పుడూ కూర్చుని ఆలోచించలేదు, అంతే.

ఇక మూడోది. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీన్ని మనం పాతకాలం సంగతి అని తేలిగ్గా వదిలేశాం. అన్నం వండే ముందు చేటలో కొలిచి పోసుకున్న బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా మందిరానికి వస్తుంది. మా అమ్మ పాత పాలపొడి డబ్బాకి పైన చిల్లు చేసి గూట్లో పెట్టేది. ఇంట్లో బియ్యం తగ్గిన రోజు పిడికిలి కూడా చిన్నదయ్యేది. కానీ వెయ్యకుండా ఎసరు పెట్టేది కాదు. జ్వరంతో పడుకుంటే నన్ను పిలిచి వేయించేది. నా చిన్న పిడికిట్లో పట్టినంతే పట్టేది, “చాల్లే, దేవుడు చూశాడు” అనేది.

దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్యగారు ఈ పద్ధతికి చాలా విలువ ఇచ్చారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పయిన ఆయనకి, విదేశీ మిషన్ డబ్బు మీద ఆనుకున్న సంఘం ఎప్పటికీ తన కాళ్ళ మీద నిలబడదన్న పట్టుదల ఉండేది. ఆయన పరిచర్య చేసిన ఊళ్ళలో చేతిలో రొక్కం లేని కూలీలే ఎక్కువ. అందుకే ధాన్యం, కోళ్ళు, గుడ్లు, ఉన్నదే కానుకయ్యేవి. మిజోరంలో ఇదే అలవాటు 1910లో మొదలైంది. అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘాల స్త్రీలు రోజూ పూటపూటకీ పిడికెడు బియ్యం తీసి పెట్టి, దాంతో సువార్తికులని పంపారు. నూరేళ్ళు దాటినా ఆపలేదు. రొక్కం తక్కువున్న కొండ ప్రాంతపు సంఘం ఎన్నో రాష్ట్రాలకి పరిచారకులని పంపగలిగిందంటే, అందులో ఆ పిడికిళ్ళ పాలు పెద్దది.

ఇందులో బలం ఎక్కడుందంటే, ముందు తీస్తాం, మిగిలాక కాదు. రోజూ తీస్తాం, ఆదివారం గుర్తొచ్చినప్పుడు కాదు. ఉన్నదాన్ని బట్టి పిడికిలి పెరుగుతుంది, తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పర్సు చేతిలో లేని ఇల్లాలు కూడా తన చేత్తో ఇస్తుంది. మొదటి కొరింథీ 16:2లో పౌలు అడిగింది సరిగ్గా ఇదే: ప్రతివాడూ, ప్రతి ఆదివారం, తాను వర్ధిల్లిన కొద్దీ, తీసి నిలవ చేసుకోవాలి.

ఇబ్బందులూ ఉన్నాయి, దాచను. పది ఇళ్ళ బియ్యం కలిస్తే సన్నబియ్యం, రేషన్ బియ్యం, నూకలు అన్నీ ఒకటవుతాయి. అది వండితే సగం మెత్తబడి సగం పలుకుగా ఉంటుంది. మేం దాన్ని ఇడ్లీ బండి నడిపే ఒకావిడకి కిలోల లెక్కన అమ్మేవాళ్ళం. నాలుగు వారాలు దాటితే పురుగు పడుతుంది. టౌన్‌లో షుగర్ వచ్చి జొన్న రొట్టె తినే ఇళ్ళలో పిడికిలి ఎక్కడ తీస్తారు? అలాంటి ఇళ్ళకి నేను చెప్పేది, బియ్యం బదులు రోజుకి పది రూపాయలు గూట్లో డబ్బాలో వెయ్యమని. అదీ వంటకి ముందే.

కోత పండుగలో కానుకగా వచ్చిన పంటని వేలం వేస్తారు కదా, ఆ మాట ఒక్క ముక్కలో చెబుతాను. గుమ్మడికాయ పన్నెండు వందలకి పోతే అందరికీ సంతోషమే, పండుగంటే అలాగే ఉండాలి. కానీ ఏడాదికోసారి వచ్చే డబ్బుని నమ్ముకుని నెలనెలా జీతం ఇవ్వలేం. క్యూఆర్ కోడ్ విషయానికొస్తే, మందిరం గోడ మీద తప్పకుండా పెట్టండి, హైదరాబాద్‌లో ఉన్న పిల్లలు అక్కణ్ణుంచే ఇస్తారు. అయితే అది సంఘం పేరు మీదున్న ఖాతాది కావాలి. అయ్యగారి సొంత ఖాతాదీ, ట్రెజరర్ ఖాతాదీ ఎంత నమ్మకస్తులైనా వద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు పంపే డబ్బు గురించి కూడా జాగ్రత్త. ఇంకా భారత పౌరసత్వమే ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే వస్తుంది. దానికి సంఘానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. అది లేకుండా ప్రేమ కొద్దీ పంపింది కూడా సంఘాన్ని కేసుల్లోకి లాగుతుంది.

ఇప్పుడు నా అభిప్రాయం. నెల జీతం ఉన్నవాళ్ళకి పదో వంతు మంచి మొదలు, అక్కడే ఆగిపోనక్కర్లేదు. రైతులకి నెల లెక్క కుదరదు, పంట అమ్మిన రోజు ముందుగా తీసిపెట్టడమే మేలు, పెట్టుబడికి చేసిన అప్పు తీసేసి మిగిలిన దాని మీద. రోజు కూలి ఇళ్ళకి పిడికెడే సరైన కొలత, వాళ్ళని శాతం అడగకండి. ఈ మూడిటి కింద ఉన్న అసలు పద్ధతి ఒకటే, నిశ్చయించుకున్న వంతుని ముందే తీసి పెట్టుకోవడం. ఏ పద్ధతీ లేకుండా సంచి వచ్చినప్పుడు జేబు తడుముకోవడాన్ని మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వలేను.

అప్పు చేసి ఇవ్వడం కూడా వద్దు. మా సంఘంలో ఒకావిడ డ్వాక్రా లోన్ డబ్బులోంచి ‘ప్రథమఫలం’ అని రెండు వేలు కవర్లో పెట్టి తెచ్చింది. ఎక్కడో మీటింగ్‌లో ‘విత్తితే నూరంతలు వస్తుంది’ అని విని వచ్చిందట. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ కవరు ఆవిడ చేతికే తిరిగిచ్చి, “అక్కా, ఇది బ్యాంకుది. నీది నీ బియ్యం డబ్బాలో ఉంది, అది తీసుకురా” అని చెప్పాను. అయ్యగారు కూడా సరే అన్నారు. దేవుడికి వడ్డీ డబ్బు అక్కర్లేదు.

ఇంకో సంగతి. పెళ్ళి కాకముందు నేను వెళ్ళిన ఒక సంఘంలో ప్రతి నెలా ఎవరెంత ఇచ్చారో పేర్లతో సహా వేదిక మీద నుంచి చదివేవాళ్ళు. మా నాన్న పేరు చివర్లో వచ్చేది. ఆ ఆదివారాల్లో ఆయన వెనక వరసలో, చెప్పుల దగ్గర కూర్చునేవాడు. నేను ట్రెజరర్ అయ్యాక మొదటి కమిటీలో రెండే అడిగాను: ఇచ్చినవాళ్ళ పేర్లు చదవొద్దు, ఖర్చు పెట్టినవి మాత్రం పైసాతో సహా చదవాలి. నెహెమ్యా 13లో లేవీయులకి రావాల్సింది రాక వాళ్ళు పొలాలకి వెళ్ళిపోతే, నెహెమ్యా చేసిన పని నిధుల మీద నమ్మకస్తులని పేరున్న నలుగురిని పెట్టడం. పౌలు కూడా యెరూషలేము కోసం పోగైన సొమ్ము ఒక్కడే మోయలేదు, సంఘాలు ఎన్నుకున్న మనిషిని తోడు తీసుకున్నాడు.

అప్పటి నుంచి నెల మొదటి ఆదివారం గుమ్మం పక్కన బోర్డు మీద చేత్తో రాసిన కాగితం అంటిస్తున్నాం. కరెంటు ఇంత, అయ్యగారికి ఇంత, బియ్యం అమ్మితే ఇంత వచ్చింది, అందులోంచి ముగ్గురు పెద్దమ్మలకి మందులకి ఇంత. కానుక ఒక్కసారిగా పెరగలేదు, నెమ్మదిగా పెరిగింది. చదువు రానివాళ్ళు మనవళ్ళని పిలిచి చదివించుకునేవాళ్ళు. మా వీధి చివర పెద్దమ్మ ఒకరోజు మందుల వరస మీద వేలు పెట్టి, “ఇందులో నా పిడికిలి కూడా ఉందా అమ్మా?” అని అడిగింది. ఉందని చెప్పాను. మరుసటి వారం డబ్బా మూత పట్టనంత నిండుగా తెచ్చింది.