పాత అకార్డ్‌కు ట్రాన్స్‌మిషన్ ఆయిల్: ఇంట్లో మూడు విడతలా, షాపులో ఒక్కసారా?

మా 2005 హోండా అకార్డ్ 1,70,000 మైళ్లు దాటింది. నాలుగు సిలిండర్ల ఇంజిను, ఐదు గేర్ల ఆటోమేటిక్. మొన్న టైర్లకని వెళ్తే, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మొత్తం యంత్రంతో ఒకేసారి మార్చేస్తామన్నాడు షాపులో కుర్రవాడు. ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాను.

ఈ కారులో ఆ ఆయిల్ సుమారు ఆరున్నర లీటర్లు ఉంటుంది. కింది బోల్టు విప్పితే దిగేది రెండున్నర లీటర్లే. మిగిలింది టార్క్ కన్వర్టర్‌లోనూ (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్సుకు అందించే భాగం), ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. కొత్త నీరు వచ్చి పాత నీటిని తోసేస్తుందంటారు గానీ, ఇక్కడ తోసెయ్యదు, కలిసిపోతుంది. దిగినంత కొత్తది పోస్తే, మొదటి విడతకు లోపల కొత్తది 38 శాతం. కొంత నడిపి మళ్లీ దింపి నింపితే 62. మూడోసారికి 77. నూరు శాతం ఎప్పటికీ కాదు. మూడు విడతలకు ఏడున్నర లీటర్లు, అంటే క్వార్ట్ (లీటరుకు కాస్త తక్కువ) సీసాలు ఎనిమిది కొనాలి.

షాపులోనైతే యంత్రాన్ని కూలర్ గొట్టానికి తగిలిస్తారు. ఒక పక్క పాతది పోతుంటే మరో పక్క కొత్తది ఎక్కుతుంది. గంటలో దాదాపు అంతా మారిపోతుంది. ఇందులో నన్ను భయపెట్టేది యంత్రం కాదు, దాని పీపాలోని ఆయిల్. ‘అన్ని కార్లకూ పనికొస్తుంది’ అన్న మాట వింటేనే నాకు అనుమానం. ఈ కారుకు హోండా డీడబ్ల్యూ-1 అనే ఆయిలే పోయాలి. సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) కార్లకైతే వాటి ద్రవమే వేరు. పైగా లోపలి జల్లెడ గేర్‌బాక్సు విప్పితే గానీ చేతికి రాదు కాబట్టి, యంత్రం పెట్టినా అది మారదు.

పాత కారు ఆయిల్ కదిపితే గేర్లు జారతాయని, అంటే ఇంజిన్ తిరిగినా బండి సరిగా లాగదని, మిత్రులు బెదిరిస్తుంటారు. నాకు తెలిసినంతలో చాలామంది గేర్లు జారడం మొదలయ్యాకే ఆయిల్ మారుస్తారు, తర్వాత నింద ఆయిల్ మీద వేస్తారు. గేర్‌బాక్సు లోపల అరిగిన క్లచ్ ప్లేట్లకు ఆయిల్ మందు కాదు. మాడిన వాసన వస్తూ గేరు జారుతుంటే ఈ రెండు పద్ధతులకూ డబ్బు దండగే.

ఇంటి పని కష్టమేమీ కాదు. కారును స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకూడదు. కొత్త ఆయిల్ పోసే దారి తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే ఉన్నది దింపేశాక కారు కదలదు. కింది బోల్టుకు సాకెట్ అక్కర్లేదు, 3/8 అంగుళాల రాచెట్ కొన నేరుగా దిగుతుంది. బోల్టు చివర అయస్కాంతం ఉంటుంది. నా దానికి తడి విభూతిలాంటి బూడిద రంగు ముద్ద అంటుకుని వచ్చింది. వేళ్ల మధ్య రాస్తే మెత్తగా ఉంది, అది మామూలు అరుగుదలే. ఇనుప పలుకులు తగిలితే మాత్రం మెకానిక్‌కు చూపించాల్సిందే. కొత్త వాషర్ వేసి 49 న్యూటన్ మీటర్లకు బిగించాలి. ఎంత దిగిందో కొలిచి, డిప్‌స్టిక్ (మట్టం చూసే పుల్ల) రంధ్రంలోంచి సన్న గరాటుతో అంతే పోయాలి.

మట్టం చూడటంలోనే చాలామంది పొరపడతారు. చాలా ఆటోమేటిక్ కార్లలో ఇంజిన్ తిరుగుతుండగా చూస్తారు. హోండాలో ఇంజిన్ వేడెక్కాక ఆపేసి, 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. మొదటిసారి నేను తీరిగ్గా టీ తాగి వచ్చి చూశాను. అది లెక్కలోకి రాలేదు, మళ్లీ వేడి చెయ్యాల్సి వచ్చింది.

అపార్టుమెంటులో ఉండేవారికి చాలాచోట్ల పార్కింగులో మరమ్మతు చెయ్యనివ్వరు. వారికి షాపే గతి. అలాగైనా సీసాలు మీరే కొని తీసుకెళ్లి, యంత్రం వద్దు, దింపి నింపితే చాలని చెప్పండి. సొంత ఇల్లు, సమతలంగా ఉన్న డ్రైవ్‌వే, ఇప్పటికీ సరిగా మారుతున్న గేర్లు ఉంటే మాత్రం నా ఓటు ఇంటికే. మూడు వారాంతాలు పోతాయి, అంతే. ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడల్లా ఒక విడత పెట్టుకుంటే అదీ తెలియదు.

నేను రెండు విడతలు పూర్తి చేశాను. మొదటిసారి ట్రేలో పడింది చిక్కటి కాఫీ డికాక్షన్‌లా ఉంది. రెండోసారి టీ రంగుకు వచ్చింది. మిగిలిన మూడు సీసాలు గ్యారేజీలో ఉన్నాయి.