సివిలైజేషన్ 6: మొదటి వంద టర్న్‌ల వ్యవసాయం

సివిలైజేషన్ 6 అంటే వంతుల వారీగా (ఒక్కో వంతూ ఒక టర్న్) ఒక నాగరికతను పెంచే కంప్యూటర్ ఆట. అందులో మధ్యరకం కష్టమైన ప్రిన్స్ స్థాయిలో అవలీలగా గెలుస్తున్నవాళ్లు ఇంకా కష్టమైన ఎంపరర్‌కి ఎక్కగానే చేసే ఫిర్యాదు ఒకటే: ఏఐ (కంప్యూటర్ నడిపే ప్రత్యర్థి) మోసం చేస్తోంది. చేస్తోంది, అందులో దాపరికమేమీ లేదు. ప్రిన్స్ దాటాక ప్రతి మెట్టులోనూ దానికి ప్రొడక్షన్‌లో (కట్టే శక్తిలో), గోల్డ్‌లో, సైన్స్‌లో అదనపు శాతాలు కలుస్తాయి. చివరి మెట్టు డీటీలో అది మూడు సెట్లర్లతో (కొత్త నగరం పెట్టే యూనిట్లతో) మొదలెడుతుంది, మీరు ఒక్కదానితో. దాని ప్రతి సైనిక యూనిట్‌కీ పోరాట బలం 4 ఎక్కువ. అయితే ఏ మెట్టులోనైనా దాని బుర్ర మాత్రం అదే. పెద్ద బలగంతో వచ్చి, గోడల ముందు నాలుగు టర్న్‌లు తచ్చాడి, గాయాలతో వెనక్కి పోయే ఆ అలవాటు డీటీలోనూ మారదు. కాబట్టి మెట్టు ఎక్కాలంటే దాని తెలివిని మించే పని లేదు, దానికి ముందే దొరికిన ఆ కాస్త సొమ్మును మొదటి వంద టర్న్‌లలో పూడ్చుకుంటే చాలు.

ఏళ్ల తరబడి ఆడాక ఈ ఆట మీద కుదిరిన అభిప్రాయం ఇది: అదునులో విత్తు పడితే మిగతాదంతా కోతే, అదును తప్పితే తర్వాత ఎంత నీరు పెట్టినా లాభం లేదు. కొత్తవాళ్లు యుద్ధాల మీద, వండర్ల (ప్రపంచ వింతల్లాంటి మహా కట్టడాల) మీద మనసు పెడతారు. గెలుపు మాత్రం నూరో టర్న్ నాటికి మీకెన్ని నగరాలున్నాయో, ఎన్ని డిస్ట్రిక్టులకు (నగర కేంద్రం బయట కట్టే ప్రత్యేక పేటలకు) పునాది పడిందో అక్కడే తేలిపోతుంది. ఇక్కడి అంకెలన్నీ స్టాండర్డ్ వేగానివి. రైజ్ అండ్ ఫాల్ (2018), గ్యాదరింగ్ స్టార్మ్ (2019) అనే ఎక్స్‌పాన్షన్లు (అదనపు భాగాలు) రెండూ ఉన్న ఆటవి. 2016లో వచ్చిన మూల ఆటలో కొన్ని లెక్కలు వేరు.

మొదటి నగరం కోసం మంచి చోటు వెతుకుతూ అయిదారు టర్న్‌లు తిరగడం తొలి తప్పు. ఉన్నచోటే, లేదా ఒకటి రెండు టర్న్‌లలో కూర్చోండి. చూడాల్సినవి రెండే. ఒకటి మంచినీళ్లు: నది గానీ చెరువు గానీ పక్కనుంటే హౌసింగ్ (జనాభా ఉండే చోటు) 5తో మొదలవుతుంది, సముద్రతీరమైతే 3, ఏదీ లేకపోతే 2. హౌసింగ్ నిండే కొద్దీ జనాభా పెరుగుదల సగానికి, తర్వాత పావుకు పడిపోతుంది కాబట్టి ఇది చిన్న తేడా కాదు. రెండోది ప్లెయిన్స్ హిల్ (మైదానపు గుట్ట) టైల్, అంటే మ్యాపులో ఒక గడి: దాని మీద నగరం పెడితే కేంద్రంలోనే ప్రొడక్షన్ 2 వస్తుంది, మామూలు చోట 1. మొదటి పదిహేను టర్న్‌లలో ఆ ఒక్కటి ఎంత పనిచేస్తుందో స్కౌట్ (చుట్టుపక్కల వెతికే యూనిట్) ఖరీదు 30 ప్రొడక్షన్ అని గుర్తుంటే అర్థమవుతుంది.

తర్వాత ఏం కట్టాలి? స్కౌట్, స్లింగర్ (వడిసెల సైనికుడు), సెట్లర్ అనే వరస చాలా మ్యాపుల్లో తప్పదు. స్కౌట్ ఎందుకంటే ఒక సిటీ స్టేట్‌ని (ఒకే నగరమున్న చిన్న రాజ్యాన్ని) అందరికంటే ముందు కలిసినవాళ్లకి ఒక ఎన్వాయ్ (అక్కడ పలుకుబడి పెంచే దూత) ఉచితం. మూడు సిటీ స్టేట్లను కలిస్తే పొలిటికల్ ఫిలాసఫీ అనే సివిక్‌కి (సాంస్కృతిక పరిశోధనకి) ఊతం, అంటే తొలి అసలైన ప్రభుత్వం త్వరగా చేతికొస్తుంది. స్లింగర్ ఎందుకంటే దానితో ఒక్క శత్రువును చంపితే ఆర్చరీ టెక్‌కి యురేకా, అంటే పరిశోధనలో కొంత భాగం ఉచితం. ఆ తర్వాత సెట్లర్ల మీద పడాలి. మొదటి సెట్లర్ ఖరీదు 80, ప్రతి కొత్తదానికీ 30 పెరుగుతుంది: 80, 110, 140, 170. ఇదే సమయంలో స్టోన్‌హెంజ్ ఖరీదు 180. పై మెట్లలో దాన్ని ఏఐ ఎలాగూ ముందే కట్టేస్తుంది. ఇంచుమించు అంత ప్రొడక్షన్‌తో రెండు నగరాలు లేస్తాయి, అవి మిగతా ఆటంతా పనిచేస్తాయి.

సెట్లర్‌ని చవక చేసేవి నాలుగున్నాయి, వీటిని ఒకేసారి కలిసొచ్చేలా పెట్టుకోవడమే నేర్పు. ఎర్లీ ఎంపైర్ సివిక్‌తో వచ్చే కాలనైజేషన్ అనే విధానపు కార్డు సెట్లర్ ప్రొడక్షన్‌ని 50 శాతం పెంచుతుంది: 110 సెట్లర్ 73కే తయారైనట్టు. ఆ కార్డు ఉన్న రోజుల్లో ప్రతి నగరమూ సెట్లరే కట్టాలి. కార్డు పెట్టుకుని బిల్డర్లను (పొలాలు, గనులు వేసే యూనిట్లను) చేయించడం చాలామంది చేసే తప్పు. మాగ్నస్ అనే గవర్నర్‌కి ప్రొవిజన్ ప్రమోషన్ ఇస్తే అతనున్న నగరంలో సెట్లర్‌కి జనాభా ఒకటి తగ్గదు. గవర్నమెంట్ ప్లాజా డిస్ట్రిక్టులో యాన్సెస్ట్రల్ హాల్ కడితే ఆ నగరానికి సెట్లర్ల మీద మరో 50 శాతం, పైగా కొత్త నగరానికో బిల్డర్ ఉచితం. ఇక గోల్డెన్ ఏజ్‌లో (స్వర్ణయుగంలో) మాన్యుమెంటాలిటీ అనే బోనస్ దొరికితే సెట్లర్లను, బిల్డర్లను ఫెయిత్‌తో (మతం వైపు నుంచి వచ్చే నిధితో) కొనేయవచ్చు. మతంతో గెలిచే ఉద్దేశం లేకపోయినా ఒకటి రెండు హోలీ సైట్లు (ఫెయిత్ ఇచ్చే డిస్ట్రిక్టులు) పెట్టడానికి ఇదొక్కటే చాలినంత కారణం. 60వ టర్న్‌కి నాలుగైదు, 100వ టర్న్‌కి ఎనిమిది నుంచి పది నగరాలుంటే దారిలో ఉన్నట్టే. అయిదు దాటలేదంటే ఆ ఆటను ఆపి, ఎక్కడ టర్న్‌లు జారిపోయాయో ఆటోసేవ్‌లు వెనక్కి తిప్పి చూడటం మేలు.

నగరాలను దూరదూరంగా పెట్టాలన్నది పాత భాగాల అలవాటు, ఇక్కడ అది నష్టం. రెండు నగరాల మధ్య మూడు టైళ్లు వదిలితే ఆట ఒప్పుకుంటుంది, అంత దగ్గరగానే పెట్టండి. సగటు నగరం వాడేది పది టైళ్లే. దగ్గరగా ఉంటే డిస్ట్రిక్టులు ఒకదానికొకటి ఆనుకుంటాయి, లాయల్టీ (నగరం మీ పక్షాన ఉండే విధేయత) కూడా నిలుస్తుంది. లాయల్టీ ఒత్తిడి 9 టైళ్ల దాకా పనిచేస్తుంది కాబట్టి పక్కవాడి రాజధాని ముంగిట వేసిన ఒంటరి నగరం కొన్ని టర్న్‌లలోనే తిరగబడి వాడి చేతికి పోతుంది.

డిస్ట్రిక్టుల దగ్గర ఆట అసలు లోతు కనబడుతుంది. మూల ఖరీదు 54. మీ టెక్, సివిక్ చెట్లు ముందుకు పోయే కొద్దీ ఇది పెరిగి చివరికి పది రెట్లవుతుంది. కానీ టైల్ మీద ఒకసారి పెట్టేస్తే ఆ క్షణాన ఉన్న ఖరీదే ఖాయం. పెట్టి వదిలేయండి, కట్టడం ఎప్పుడైనా చేసుకోవచ్చు. రైటింగ్ టెక్ రాగానే అన్ని నగరాల్లోనూ క్యాంపస్ (సైన్స్ ఇచ్చే డిస్ట్రిక్ట్) పునాది పెట్టేసి, వెనక్కొచ్చి సెట్లర్ కట్టుకోవడం డీటీ ఆటగాళ్లకి శ్వాస తీసుకున్నంత మామూలు. జనాభా 1కి ఒక డిస్ట్రిక్ట్, 4కి రెండోది, 7కి మూడోది. ఖాళీ అయిన ప్రతి జాగానీ ఆ టర్న్‌లోనే వాడేయాలి. ఇంకో రహస్యం: మీరు తక్కువగా కట్టిన రకం డిస్ట్రిక్టుకి 40 శాతం తగ్గింపు దొరుకుతుంది. ఆట ఈ సంగతి ఎక్కడా సూటిగా చెప్పదు. ఖరీదు అంకె హఠాత్తుగా తగ్గిందేమిటని మీరే పట్టుకోవాలి.

క్యాంపస్‌కి పర్వతం పక్కనుంటే ఒక్కోదానికి 1 సైన్స్, జియోథర్మల్ ఫిషర్‌కి (భూమి వేడి ఎగదన్నే పగులుకి), పగడపు దిబ్బకి 2 చొప్పున కలుస్తుంది. పక్కనున్న ప్రతి డిస్ట్రిక్టుకీ అర. మొత్తం 3 దాటని చోట క్యాంపస్ పెట్టడానికి తొందరపడక్కర్లేదు, అక్కడ కమర్షియల్ హబ్ (గోల్డ్ ఇచ్చే డిస్ట్రిక్ట్) చూడండి: నది పక్కన 2, హార్బర్ పక్కన మరో 2. సముద్రతీర నగరమైతే నగర కేంద్రం, హార్బర్, కమర్షియల్ హబ్ మూడూ త్రికోణంగా ఆనుకునేలా వేస్తే లెక్క బాగా కుదురుతుంది. ట్రేడ్ రూట్ (వర్తక మార్గం) కోసం మార్కెట్, లైట్‌హౌస్ రెండూ కట్టేస్తుంటారు. ఒక నగరానికి రెండింటిలో ఒక్కదానికే రూట్ వస్తుంది. ఇండస్ట్రియల్ జోన్‌కి (ప్రొడక్షన్ ఇచ్చే డిస్ట్రిక్టుకి) అక్విడక్ట్ (నీటి కాలువ), డ్యామ్ ఒక్కోటీ 2 ఇస్తాయి, కాబట్టి రెండు నగరాల అక్విడక్టులు ఒకే జోన్‌ని తాకేలా ముందే మ్యాప్ పిన్నులు గుచ్చుకోవాలి. పిన్నులు లేకుండా కట్టుకుంటూ పోతే మంచి చోట పొలం వేసి ఉంటుంది, వండర్‌కి కావలసిన నదీతీరం మీద హోలీ సైట్ కూర్చుని ఉంటుంది. డిస్ట్రిక్టుని కదిపే వీలు ఆటలో లేదు.

అడవి ఉన్న టైల్ మీద డిస్ట్రిక్ట్ పెట్టేముందు బిల్డర్‌తో ఆ అడవిని కొట్టించండి. నేరుగా పెట్టేస్తే అడవి ఊరికే మాయమైపోతుంది, కలప రాదు. కొట్టిస్తే అడవికి 20 దగ్గర మొదలై టెక్, సివిక్ పెరిగే కొద్దీ ప్రొడక్షన్ ఎక్కువగా వస్తుంది. మాగ్నస్ ఉన్న నగరంలో దాని మీద మరో 50 శాతం. అడవికి మైనింగ్, వర్షారణ్యానికి బ్రాంజ్ వర్కింగ్, చిత్తడికి ఇరిగేషన్ కావాలి. ఇక్కడ ఎందరో చేసే పొరపాటు, కొట్టిన కలపను మాన్యుమెంట్ లాంటి చిన్న కట్టడాల్లో పోసేయడం. కార్డు బోనస్ ఉన్న సెట్లర్‌లో పోయాలి, లేదా ఏఐతో పోటీలో ఉన్న వండర్‌లో.

టెక్‌ల విషయంలో యురేకా, సివిక్‌ల విషయంలో ఇన్‌స్పిరేషన్ అంటే 40 శాతం ఉచితం. కాబట్టి యురేకా దొరికేలా ఉన్న టెక్‌ని 60 శాతం దాకా చదివి ఆపి, వేరేదానికి మారాలి. అప్పటికే 60 దాటితే లాభంలో అంత భాగం నీళ్లపాలు. క్రాఫ్ట్స్‌మన్‌షిప్‌కి మూడు టైళ్లు బాగుచేయాలి, స్టేట్ వర్క్‌ఫోర్స్‌కి ఏదో ఒక డిస్ట్రిక్ట్, అప్రెంటిస్‌షిప్‌కి మూడు గనులు, ఫ్యూడలిజానికి ఆరు పొలాలు. ఈ చివరిది వదలకూడదు. ఫ్యూడలిజంతో వచ్చే సెర్ఫ్‌డమ్ కార్డుతో బిల్డర్‌కి మూడు పనులకు బదులు అయిదు పనులు దొరుకుతాయి. అది దగ్గర్లో ఉందనుకుంటే బిల్డర్లను ఆపి ఉంచాలి.

బార్బేరియన్లంటే (ఏ నాగరికతకీ చెందని దోపిడీ దళాలంటే) అందరికీ చిరాకే, కానీ వాళ్ల పద్ధతి సులువు. వాళ్ల స్కౌట్ మీ నగరాన్ని చూడగానే దాని నెత్తిన ఆశ్చర్యార్థకం కనిపిస్తుంది. అది శిబిరానికి తిరిగి చేరితేనే దండు బయల్దేరుతుంది. కనుక వారియర్‌ని ఊరు విడిచి దూరం పంపకండి. స్కౌట్ దారికి అడ్డం నిలబడినా సగం పని అయినట్టే. పోరాటం లెక్క కూడా గుర్తుంచుకోదగ్గది: బలాలు సమానమైతే యూనిట్ ప్రాణం 100లో దాదాపు 30 దెబ్బ. పది ఎక్కువైతే మీరు కొట్టేది 45, తినేది 20. కొండకి 3, అడవికి 3, రెండు టర్న్‌లు కదలకుండా కాపు కాస్తే 6 కలుస్తాయి. అడవి ఉన్న కొండ మీద కాపున్న వారియర్ ముందు డీటీ ఏఐకి ఉన్న 4 ఏమూలకి? పొరుగువాడు గోడలు కట్టకముందు మూడు నాలుగు స్లింగర్లను ఆర్చర్లుగా మార్చి, రెండు వారియర్లతో వెళ్తే నగరాలు దొరుకుతాయి. గోడ లేచాక ఆ దళం పనికిరాదు, వెనక్కి తిప్పండి.

గోల్డ్ సంగతి ఆట నేర్పదు. కొత్త నాగరికత కలిసిన టర్న్‌లోనే 25 గోల్డ్‌తో డెలిగేషన్ (రాయబార బృందం) పంపాలి; ఆలస్యం చేస్తే ముఖం మాడ్చుకుని వద్దంటారు. ఒక లగ్జరీ (విలాస సరుకు) నాలుగు నగరాలకు అమెనిటీ (జనాన్ని సంతోషపెట్టే సౌకర్యం) ఇస్తుంది, అదే రకం రెండోది మీకు సున్నా. దాన్ని 30 టర్న్‌ల ఒప్పందం మీద అమ్మేయండి. డిప్లొమాటిక్ ఫేవర్ (వరల్డ్ కాంగ్రెస్‌లో ఓట్లకు వాడేది) కూడా సరుకే, డిప్లొమాటిక్ విజయం మీ లక్ష్యం కాకపోతే ఏఐ దానికి మంచి ధర ఇస్తుంది.

మన దేశాన్ని ఎంచుకుని ఆడాలని చాలామందికి ఉంటుంది. గాంధీ శాంతికి, ఫెయిత్‌కి. రైజ్ అండ్ ఫాల్‌తో వచ్చిన చంద్రగుప్తుడు దండయాత్రకి. గెలవడం నేర్చుకునేవాళ్లకి చంద్రగుప్తుడే నయం: హార్స్‌బ్యాక్ రైడింగ్ టెక్‌తో వచ్చే ‘వారు’ అనే ఏనుగు దళానికి ఇనుమూ గుర్రాలూ అక్కర్లేదు, బలం 40, పక్కనున్న శత్రువు బలాన్ని 5 తగ్గిస్తుంది. కదలిక 2 మాత్రమే కాబట్టి అడవుల్లో ఈడ్చుకుపోకండి. భారత్‌కే ప్రత్యేకమైన మెట్ల బావి ఒక్కోటీ తిండి 1, హౌసింగ్ 1 ఇస్తుంది. కొండ మీద కట్టలేరు, ఒకదాని పక్కన ఇంకోటి పెట్టలేరు. ఈ ఆటలో శాంతమూర్తి గాంధీయే అణుబాంబులు వేస్తాడనే కథకి మూలమంటూ చెప్పుకునే, తొలి భాగంలోని 1991 నాటి బగ్ అసలు లేనే లేదని 2020లో ఈ ఆటల సృష్టికర్త సిడ్ మైయరే తేల్చేశాడు, నవ్వుకోవడానికి ఆ కథ ఇంకా బాగానే ఉంటుంది.

ఇప్పుడు తిట్లు. పైదంతా వంటబడితే 150వ టర్న్‌కి మీరే గెలుస్తారని తెలిసిపోతుంది, అయినా ఇంకో వంద టర్న్‌లు నొక్కాలి. సైన్స్ విజయానికి చివరి మెట్టయిన ఎక్సోప్లానెట్ (పరాయి గ్రహం) ప్రయాణం 50 కాంతి సంవత్సరాలు, టర్న్‌కి ఒకటి. లేజర్ స్టేషన్లు కట్టి తొందరపెట్టకపోతే ఊరికే కూర్చోవాలి. మత విజయమంటే పదుల అపోస్తలులను (మత ప్రచారకులను) ఒక్కొక్కరినే నడిపించడం. వరల్డ్ కాంగ్రెస్ (అన్ని దేశాల సభ) 30 టర్న్‌లకోసారి వచ్చి అర్థంపర్థం లేని తీర్మానాల మీద ఓటడుగుతుంది. ఆట నేర్చుకున్న కొద్దీ అందులో సగం విసుగైపోవడం దీని పెద్ద లోపం. 2025లో వచ్చిన 7వ భాగం ఈ జబ్బుకే ఆటను మూడు యుగాలుగా కోసి మందు వేసింది. ఆ మందు అందరికీ పడలేదు, 6కి తిరిగొచ్చినవాళ్లు చాలామంది.

విసుగు తగ్గాలంటే సెట్టింగుల్లో క్విక్ మూవ్‌మెంట్, క్విక్ కాంబాట్ పెట్టుకోండి, ఎనిమిది మంది స్టాండర్డ్ మ్యాప్ దాటకండి. స్టీమ్ వర్క్‌షాప్‌లో డీటెయిల్డ్ మ్యాప్ ట్యాక్స్ (Detailed Map Tacks), క్విక్ డీల్స్ అనే రెండు మాడ్లు (ఆటగాళ్లే చేసిన చేర్పులు) తప్పక వేసుకోవాలి. మొదటిది పిన్ను గుచ్చగానే డిస్ట్రిక్టుకి ఎంత వస్తుందో చూపిస్తుంది, రెండోది ఎవరు ఏ సరుకుకి ఎక్కువిస్తారో ఒకే తెరలో పెడుతుంది. ఆటలో మన భాషలేవీ లేవు, ఇంగ్లిష్‌లోనే చదువుకోవాలి. కొనేటప్పుడు మూల ఆట ఒక్కటే కొనకండి. తగ్గింపు అమ్మకాల దాకా ఆగి, రెండు ఎక్స్‌పాన్షన్లూ కలిసిన మూటే తీసుకోండి. గ్యాదరింగ్ స్టార్మ్ లేని ఆటలో పై లెక్కల్లో సగం పనిచేయవు.